గీతకు పది అడుగుల ముందు

నా రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయనగా, ఒక ఆగస్టు మొదటి సోమవారం, గోదావరిఖనిలో నేను పనిచేస్తున్న రెస్క్యూ స్టేషన్‌కు ఒక ఉత్తర్వు వచ్చింది. ఆరుగురు మహిళా కార్మికులకు ఆరు వారాల పాటు ప్రాథమిక శిక్షణ ఇచ్చి పరుగు పరీక్షకు సిద్ధం చేయాలన్నది దాని సారాంశం. శిక్షకుడిగా నా పేరు రాసి ఉంది. ఆడవాళ్ళు భూగర్భ గనుల్లోకి దిగడానికి చట్టంలో ఉన్న అడ్డు తొలగి అప్పటికి కొన్నేళ్ళయింది కానీ, మా స్టేషన్‌లో వాళ్ళకు శిక్షణ ఇవ్వడం అదే మొదలు. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసి నాకు చిరాకు వేసింది. పోయే ముందు ఈ తలనొప్పి నాకే ఎందుకు తగిలించారని సూపరింటెండెంట్ గారి గది బయట గొణుక్కున్నాను కూడా.

గనిలో మంట అంటుకున్నా, విషవాయువు కమ్మినా లోపలికి దిగి మనుషులను బయటికి తెచ్చే జట్లు రెస్క్యూ స్టేషన్‌లో తయారవుతాయి. జట్టుకు ఆరుగురు. ముందు కెప్టెన్, చివర వైస్ కెప్టెన్. ఒక్కొక్కరి వీపు మీద పదిహేను కిలోల శ్వాస పరికరం ఉంటుంది. ముఖానికి మాస్కు ఉంటుంది కాబట్టి మాటలు సాగవు, చేతి సైగలే ఆధారం. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది: జట్టు చీలకూడదు. అందరిలో నెమ్మదిగా నడిచే మనిషి వేగమే జట్టు వేగం. ఒకరికి ఇబ్బంది వస్తే ఆరుగురూ ఆగాలి, వెనక్కి వస్తే ఆరుగురూ రావాలి. ఈ నియమాన్ని నేను మొదటి రోజు చెప్తాను, రెండో రోజు చెప్తాను, నా మొహం కనబడగానే వాళ్ళే అప్పజెప్పేదాకా చెప్తూనే ఉంటాను.

ఈ పనిలోకి రావాలంటే ముందు ఒంట్లో దమ్ము ఎంతుందో తేలాలి. అందుకు మా స్టేషన్‌లో పెట్టుకున్న పరీక్ష, గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు పన్నెండు నిమిషాల్లో పరుగెత్తడం. రౌండు నాలుగు వందల మీటర్లు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో డాక్టరు పరీక్ష దాటి మిగిలింది సరిగ్గా ఆరుగురు. అందరూ జనరల్ మజ్దూర్లు, అంటే గని పైన ఏ పని చెప్తే ఆ పని చేసే హోదా, మాలో అన్నిటికన్నా కింది మెట్టు. తండ్రో భర్తో పోయినందుకో, పనికి అన్‌ఫిట్ అయినందుకో ఆ స్థానంలో ఉద్యోగం వచ్చినవాళ్ళు. అందరూ తల్లులే. వీళ్ళలో ఏ ఒక్కరు తప్పినా జట్టు ఉండదు. జట్టు లేకపోతే బ్యాచ్ రద్దయి ఆరుగురూ పాత పనికి పోవాలి. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళలో పెద్దది రాజేశ్వరి. నలభై ఒకటి నిండాయి, ముగ్గురు పిల్లలు. మందమర్రి ఆడపడుచు. గని ఆఫీసులో ఫైళ్ళు అందించే పని. నోరు పెద్దది, మనసూ అంతే. మిగతా వాళ్ళు రాజక్క అని పిలిచేవారు. సాధనలో ఆమెను కెప్టెన్‌గా పెట్టాను. ఎప్పుడూ వెనక వరసలో నిలబడే మనిషి స్వరూప. ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. చూపు మందగించి భర్త అన్‌ఫిట్ అయితే ఆమెకు ఉద్యోగం వచ్చింది. గనిలోకి గాలి పంపే ఫ్యాన్ హౌస్ చుట్టూ ఊడ్చే పని. ఇక్కడికి ఎందుకు వచ్చావని మొదటి రోజు అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను.

"నేను ఊడ్చుడు తప్ప ఇంకో పని చేస్తనని ఎవ్వలు అనుకోలె సార్. నేను గూడ అనుకోలె. ఒక్కపారి చూద్దామని వచ్చిన" అంది.

పొద్దున ఐదున్నరకు గ్రౌండులో ఉండాలని, కంపెనీ ఇచ్చిన బూట్లతో రావాలని నోటీసు పెట్టాను. మొదటి రోజు ఆరుగురూ ఇనుప ముక్కుల గని బూట్లు వేసుకుని వచ్చి వరసలో నిలబడ్డారు. కంపెనీ వాళ్ళకు ఇచ్చిన బూట్లు అవే మరి. తప్పు నాదే, అయినా నవ్వు ఆపుకోలేకపోయాను. మర్నాటికి మామూలు బూట్లు కొనుక్కొచ్చారు, ఒకామె కొడుకువి వేసుకొచ్చింది.

గ్రౌండు పక్కనే మొదటి షిఫ్టు బస్సులు ఆగే చోటు. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆ ఆరు వారాలూ పండగే. ప్యాంటు వేసుకుని తల్లులు పరుగెత్తడం ఎవరైనా చూసి ఉంటే కదా. ఒక రోజు వయసు మళ్ళిన కార్మికుడొకాయన "ఏందక్కా, ఏ బస్సు పోయింది, గట్ల ఉరుకుతున్నరు?" అని అరిచాడు. రాజేశ్వరి కాలు ఆపకుండానే "నీ షిఫ్టు బస్సే కాకా, వెనుకకు సూడు!" అంది. ఆయన వెనక్కి తిరిగేసరికి బస్సు నిజంగానే కదిలిపోయింది. ఆ రోజు ఆయన కూడా చాలా దూరం పరుగెత్తాడు. తర్వాత ఆ మూల నుంచి మాటలు తగ్గాయి.

రౌండ్లను వాళ్ళు ఒకటి, రెండు అని లెక్కపెట్టేవారు కాదు. మొదటిది ఊడ్చుడు, రెండోది అన్నం, మూడోది టిఫిను డబ్బా, నాలుగోది స్కూలు బస్సు. "అన్నం అయింది, ఇగ డబ్బా కట్టాలె!" అని ఒకరినొకరు అదిలించుకుంటూ పరుగెత్తేవారు. నాకు మొదట ఇదేం గోల అనిపించింది. వారం తిరిగేసరికి నేను కూడా రిజిస్టరు రాస్తూ మూడో రౌండు అనడానికి బదులు డబ్బా అనేశాను.

అసలు చిక్కు స్వరూపతో వచ్చింది. ప్రతి ఒకటిన్నర రౌండుకు ఆగిపోయి, స్టోర్ గది వెనక్కి వెళ్ళి, రెండు నిమిషాల తర్వాత వచ్చేది. దమ్ము చాలక సాకు వెతుక్కుంటోందనుకున్నాను. రెండో వారం ఒక పొద్దున అందరి ముందూ గొంతు పెంచి, పరుగెత్తడానికి వచ్చావా దాక్కోవడానికి వచ్చావా అని అరిచాను. తల దించుకుని వెళ్ళిపోయింది. మరుసటి రోజు రాలేదు. ఆ పై రోజు కూడా రాలేదు.

మా డిస్పెన్సరీలో మరియమ్మ అనే సీనియర్ నర్సు ఉండేది. నాకు చర్చిలో కూడా పరిచయం. సంగతి తెలిసి ఆమె నేరుగా స్టేషన్‌కే వచ్చి తలుపు దగ్గరగా వేసి, నిలబడే మాట్లాడింది. "దానియేలన్నా, పిల్లల్ని కన్న ఆడోళ్ళకు ఉరికితే మూత్రం ఆగదు. అందరికి కాదు గని, మస్తు మందికి. గామె మీకు ఎట్ల చెప్తది? ఇన్నేండ్ల సర్వీసుల మీకు గిది తెల్వకపాయె" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ముగ్గురు పిల్లల తండ్రిని, ఆ సంగతి ఆ రోజుదాకా తెలియదు. గ్రౌండుకు ఆనుకుని ఉన్న మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి స్టోరులో పెట్టించింది కూడా నేనే.

నా తరఫున స్వరూపకు ఒక మాట చెప్పమని రాజేశ్వరిని అడిగాను. "మీ మాట మీరే చెప్పాలె సార్" అంది. సాయంత్రం మిగతా ఐదుగురితో కలిసి స్వరూప క్వార్టరుకు వెళ్ళాను. ఆమె మంచినీళ్ళు ఇచ్చి, తన పేరు తీసేయమంది. తన ఒక్కదాని వల్ల ఐదుగురిది ఖరాబు అవుతుందని, ఆ పాపం తనకు వద్దని చెప్పింది. తప్పు నాదని, తెలియక అరిచానని, రేపటి నుంచి మరుగుదొడ్డి తాళం తీసే ఉంటుందని చెప్పాను. శిక్షకుడిగా అంతకు ముందు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. నాలుక కాస్త తడబడింది.

అప్పుడు రాజేశ్వరి అందుకుంది. "నీ పేరు తీస్తే మా పేర్లు గూడ పోతయి పిల్లా. పొద్దుగాల గేటుకాడ ఉంటం. నువ్వు రాకుంటే ఈడికే వచ్చి మీ గల్లీల ఉరుకుతం. ఇంటింటోళ్ళు లేచి సూస్తరు. నీ ఇష్టం."

స్వరూప ఏడుస్తూనే నవ్వింది. మంచం మీద కూర్చున్న ఆమె భర్త, "పిల్లల్ని నేను తయారు చేస్త సార్. సూపు తక్కువైంది గని చేతులున్నయి గద" అన్నాడు. మర్నాడు ఐదున్నరకు ఆరుగురూ వచ్చారు.

మరియమ్మ వారానికి రెండు సార్లు వచ్చి వాళ్ళకు ఏవో వ్యాయామాలు నేర్పేది. ఆ సమయంలో నన్ను గ్రౌండు దగ్గరికి రానిచ్చేది కాదు. స్వరూప ఆగడం తగ్గింది. మొదట పదిహేడు నిమిషాలు పట్టేది, నాలుగో వారానికి పదమూడుకు వచ్చింది. పరీక్షకు రెండు రోజుల ముందు ఆమె పెట్టిన మంచి టైము పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లు. మిగతా ఐదుగురు పదకొండు లోపే ముగిస్తున్నారు. ఆ ఇరవై సెకన్లు నన్ను సరిగ్గా అన్నం తిననివ్వలేదు. చిరాకుగా మొదలుపెట్టిన పని ఎప్పుడు నా సొంత పని అయిపోయిందో నాకే తెలియదు.

పరీక్ష రోజు సూపరింటెండెంట్ గారు స్టాప్‌వాచ్ పట్టుకున్నారు. పక్కన డాక్టరు ఉన్నారు. శిక్షకుడు గ్రౌండు చుట్టూ కట్టిన తాడు బయట నిలబడాలి, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, మాట్లాడితే పరీక్ష రద్దు. నేను నా చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. మూడు రౌండ్లు బాగానే గడిచాయి. నాలుగో రౌండులో ఐదుగురు ముందుకు వెళ్ళిపోయారు, స్వరూప అవతలి మలుపు దగ్గర నడుము మీద చెయ్యి వేసుకుని దాదాపు నడుస్తోంది.

అందరికన్నా ముందున్న రాజేశ్వరి ముగింపు గీతకు పది అడుగుల దూరంలోకి వచ్చి, కుడి చెయ్యి పైకెత్తింది. అది నేను నేర్పిన సైగ. ఆగండి అని అర్థం. వెనక నలుగురూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి, నిలబడ్డ చోటే కాళ్ళు ఆడించసాగారు. అప్పటికి పది నిమిషాల నలభై సెకన్లు.

ఏం జరిగిందో ఆ క్షణంలోనే అర్థమైంది. జట్టు చీలకూడదని ఆరు వారాలు వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పాను. ఈ పరుగు మాత్రం ఎవరికి వారిదని, ఇక్కడ ఆ నియమం వర్తించదని ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు తెలిసిందే కదా, వాళ్ళకూ తెలుసనుకున్నాను. ఇప్పుడు దాటండి అని అరవడానికి వీల్లేదు. సూపరింటెండెంట్ గారు నా వైపు తిరిగి, వీళ్ళేం చేస్తున్నారండీ అన్నారు. జవాబు చెప్పడానికీ వీల్లేదు.

రాజేశ్వరి వెనక్కి తిరిగి, "ఈడనే ఉన్నం స్వరూపా! నువ్వు వచ్చినంకనే!" అని కేక వేసింది. మిగతా నలుగురూ అందుకున్నారు. స్వరూప తల ఎత్తి చూసింది. నడుము మీద నుంచి చెయ్యి తీసింది. తర్వాత ఆమె ఎలా వచ్చిందో సరిగ్గా చెప్పలేను, నేను గడియారం వైపే చూస్తున్నాను. ఆరుగురూ ఒక వరసలో గీత దాటేసరికి పదకొండు నిమిషాల యాభై ఒక్క సెకన్లు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. డాక్టరు గారు పరుగెత్తినవాళ్ళను వదిలేసి ముందు నా నాడి చూశారు. గుండె మీది బండ దిగిపోయినట్టు ఉందని ఆయనకు చెప్పలేక, ఎండ అన్నాను. అప్పటికి సూర్యుడు బొగ్గు మట్టి దిబ్బల మీదికి ఇంకా రానే లేదు.

ఎందుకు ఆగారని సూపరింటెండెంట్ గారు అడిగితే, "జట్టు చీలొద్దని సారే చెప్పిన్రు గద సార్" అంది రాజేశ్వరి, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. ఆయన నన్ను చూశారు. పొరపాటు నాదేనని, చెప్పవలసింది చెప్పలేదని ఒప్పుకున్నాను. ఆయన ఫైలు తెరిచి నియమం రెండు సార్లు చదివారు. ప్రతి అభ్యర్థి పన్నెండు నిమిషాల లోపు గీత దాటాలని ఉంది. దారిలో ఆగకూడదని ఎక్కడా లేదు. ఆరు పేర్ల ఎదుట సంతకం చేశారు.

మధ్యాహ్నం వాళ్ళకు శ్వాస పరికరాలు అప్పగించేటప్పుడు స్వరూపను అడిగాను, రెండు రోజుల కిందట లేని బలం ఈ రోజు ఎక్కడిదని. "బలం గాదు సార్. ఆ మూల మీద కూసుందామనే అనుకున్న. వాళ్ళు గీత దాటిపోతే కూసునేదాన్నే. వాళ్ళు నా కోసం నిలబడ్డంక నేనెట్ల కూసుంట?" అంది.

తర్వాతి బ్యాచ్ కోసం నియమాల కాగితం తయారు చేసేటప్పుడు ఒక వాక్యం చేర్చాను: పరుగు పరీక్షలో ఎవరి టైము వారిదే, ఇతరుల కోసం ఆగకూడదు. చేసిన తప్పు మళ్ళీ జరగకూడదు కాబట్టి అది చెప్పి తీరాలి. టైపుకు ఇచ్చే ముందు మళ్ళీ చదివి, మొదటి సగం ఉంచి రెండో సగం కొట్టేశాను. మనిషికి ఎంత దమ్ముందో స్టాప్‌వాచ్ చెప్తుంది. ఆ దమ్ము అయిపోయాక ఆ మనిషి ముందుకు సాగుతుందా, కూర్చుంటుందా అనేది మాత్రం ముందు వెళ్ళినవాళ్ళ మీద కూడా ఆధారపడి ఉంటుంది. గనిలోకి ఎవరితో ఎవరిని పంపాలో నిర్ణయించేటప్పుడు ఈ రెండో సంగతి కూడా చూడాలని నేను నేర్చుకున్నది సర్వీసు చివరి ఏడాదిలో.