ఉప్పు మోసే గొర్రెలు

మా వియ్యపురాలు పోయింది. పొద్దున్నే మిర్యాలగూడ నుంచి అల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యా, అమ్మ పోయింది" అన్నాడు. నేను చేతిలో ఉన్న టీ గ్లాసు అక్కడే పెట్టేసి సూర్యాపేట బస్టాండుకు వెళ్లాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ నా మొహం చూసి, "ఎవరు పోయిండ్రమ్మా?" అని అడిగింది. "మా అమ్మాయి అత్తగారు" అన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి అనుమానంగా చూసి, కిటికీ వైపు తిరిగింది. ఆవిడ తప్పేమీ లేదు. కూతురి అత్త పోయిందని బస్సులో కూర్చుని ఏడ్చే ముసలమ్మను అంతకుముందు చూసి ఉండదు.

నేనూ చూడలేదు. వియ్యపురాళ్లంటే ఒకే కేసులో చెరో వైపూ నిలబడ్డ వకీళ్లు. 2001లో, పిల్లల పెళ్లి భోజనాల దగ్గర, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె నాతో అన్న మొదటి మాట ఇది: "వదినె, పప్పుల ఉప్పు మర్చిపోయిండ్రా, మగపెండ్లోళ్లకు వద్దనుకున్నరా?"

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ప్రశ్నలు వేయడమే గాని వేయించుకోవడం అలవాటు లేదు. "ఉప్పు విస్తట్లోనే ఉంది వదినగారూ, కలుపుకునే ఓపిక ఉండాలి" అన్నాను. అది మొదలు పన్నెండేళ్లు ఆ పప్పు చల్లారలేదు. పండక్కి ఫోన్ చేసినా, "ఇయ్యాల ఉప్పు వేసినవా?" అనే అడిగేది. ఎప్పుడో తెలియదు, "మీరు" కాస్తా "నువ్వు" అయింది. ఆ మార్పును ఇద్దరం గమనించనట్టు నటించాము.

ఆమెది మోతె దగ్గరి పల్లె, గొర్రెల మందల ఇల్లు. చిన్నప్పుడు వేసవిలో తండ్రి వెంట మందతో కృష్ణ ఒడ్డు దాకా నడిచిన మనిషి. మాదీ తాతల నాడు గొర్రెల ఇల్లే. మా నాన్న ఉద్యోగంలో చేరాక మేము గొర్రెను కూరలో మాత్రమే చూశాము. ఆమె పెళ్లయి మిర్యాలగూడ వచ్చాక కాలువ నీళ్లు ఊరీ ఊరీ వాళ్ల పొలంలో ఒక ముక్క చౌడు పట్టి తెల్లబడింది. అందులో ఏదీ పండదు కాబట్టి కొట్టం వేసి గొర్రెలను పెంచింది. "వడ్లు ఒద్దన్న నేలను గొర్రె నాకి మెచ్చుకుంటది" అనేది.

2012 వేసవిలో కోదాడలో పిల్లల ఇంట్లో ఇద్దరం టీవీ ముందు ఉన్నాము. లడఖ్ గురించి ఏదో కార్యక్రమం. ఎత్తయిన ఎడారి, అందులో ఒక ఉప్పు చెరువు. వాళ్ల భాషలో దాని పేరుకు తెల్ల చెరువని అర్థమట. ఒకప్పుడు అక్కడి కాపరులు ఆ ఉప్పును చిన్న చిన్న ఉన్ని సంచుల్లో నింపి, గొర్రెల వీపుల మీద కట్టి, రోజుల తరబడి నడిపించి అమ్ముకునేవారు. ఇప్పుడు లారీలొచ్చాయి. అలా మందను నడిపించిన ముసలివాళ్లు ఎవరో కొందరు మాత్రం మిగిలారు.

మా వియ్యపురాలు సోఫా మీద నుంచి లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడింది.

"వదినె, మన గొర్రెకు ఉప్పు కనవడితే కాలు కదలదు గద. ముందల గొర్రె మీద ఉప్పు మూట ఉంటే ఎనక గొర్రె నడుస్తదా, నాకుతదా?"

"నాకుతుందేమో."

"నాకితే తొవ్వ పొడుగూత ఉప్పంత ఖతం గాదా? మరి ఊరికెట్ల చేర్చిండ్రు?"

చదువుకున్నదాన్ని కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి. "మూటలు గట్టిగా కుట్టి ఉంటారు" అన్నాను. ఆమె నన్ను, సంతలో గొర్రె పళ్లు చూసి దాని వయసు తేల్చేవాళ్లు చూసినట్టు చూసింది. "గొర్రె నాలుక సంగతి నీకు తెల్వది. ఇది పోయి అడగాలె. గా నడిపిచ్చిన ముసలోళ్లు ఉండంగనే అడగాలె."

అంత తొందర ఎందుకో నాకు తెలుసు. ఆ ముసలివాళ్ల ఆయుష్షు ఒక్కటే కాదు ఆమె లెక్కలో ఉన్నది. కట్టెల పొయ్యి ముందు గడిపిన ఏళ్లన్నీ ఆమె ఊపిరితిత్తుల్లో కూర్చున్నాయి. మేడమెట్లు ఎక్కితే ఈల వేసినట్టు ఊపిరి. అలాంటి మనిషి గాలి పలచబడే చోటికి పోతానంటోంది.

కొడుకు అన్నం ముందు నుంచి లేచిపోయినంత పని చేశాడు. "వద్దమ్మా! డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నాడు, నువ్వు కొండలెక్కుతానంటావేంటి?"

"సూడు వదినె, కోదాడ నీళ్లు పడ్డంక నా కొడుకు యాస కృష్ణ దాటింది" అని ఆమె నా వైపు తిరిగింది.

ఆ తరువాత ఏడాది పాటు మేము చేసిన పని ప్రయాణానికి ఏర్పాట్లు. ఆదివారాలు నేను సూర్యాపేట నుంచి, ఆమె మిర్యాలగూడ నుంచి కోదాడ చేరేవాళ్లం. భోజనాల బల్ల మీద నా పాత గోడపటం పరిచేదాన్ని. శీతల ఎడారి అని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పిన ప్రాంతం అది. చూపుడు కర్రతో ఆ కొండలన్నీ చెమట పట్టకుండా ఎక్కి దిగాను. అందుకే నా ప్రణాళిక చాలా చురుకుగా ఉండేది: విమానంలో దిగడం, మర్నాడు ఇసుక దిబ్బలు, ఆ మర్నాడు ఉప్పు చెరువు, తిరుగు ప్రయాణం.

ఆమె పటం వైపు చూసేది కాదు. ప్రతి మజిలీకీ మూడే ప్రశ్నలు వేసేది. "నీళ్లేడ? మేతేడ? మంద ఏడ పండుతది?" మేతంటే అల్లుడి లెక్కలో డీజిల్, మంద పండటమంటే రాత్రి బస. ఆ దారిలో బంకులు లేవని తెలిశాక డబ్బాలు ఎన్ని మోయాలో వద్దంటూనే లెక్క వేశాడు. విమానం మాట ఆమె అసలు పడనివ్వలేదు. "మంద ఒక్కపారి గుట్టెక్కది వదినె. జర ఎక్కాలె, ఆగాలె, మేయాలె, మల్ల ఎక్కాలె. మంద నడకంటే కుంటిగొర్రె నడక. ఈ మందల కుంటిది నేనే." అలా శ్రీనగర్ మీదుగా, జీపులో, మెల్లగా పైకి పోయే దారి ఖాయమైంది. డాక్టరూ అదే మేలన్నాడు. కాని ఒక మాట తీసుకున్నాడు: ఎక్కడ ఊపిరి ఎగబోస్తే అక్కడే ఆగిపోవాలి, ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు.

ఆమెకు అన్నీ తెలుసని అనుకోకండి. ఎడారి అనగానే ఒక సంచి నిండా ఉల్లిగడ్డలు తెచ్చింది. వడదెబ్బ తగలకుండా తలా ఒకటి నడుముకు కట్టుకోవాలట. "అది చలి ఎడారి వదినా, నీళ్లు గడ్డకడతాయి" అన్నాను. "ఎడారి అన్నంక ఎండ లేకుంటే అదేం ఎడారి, నువ్వు పిల్లలకు గిదా చెప్పింది?" అంది. ఎత్తు మీద అన్నం సరిగా ఉడకదు, కుక్కరు కావాలంటే రోషం వచ్చింది. "మా మిర్యాలగూడ బియ్యం ఉడకని ఊరుంటదా?" వీటన్నిటి మీద ఒక నల్ల గొంగడి. మంచి మంచి కోట్లు దొరుకుతాయి, ఈ బరువెందుకన్నాను. "కప్పుకోనీకి గాదు. గొర్రెలోళ్ల ఇంటికి ఉత్త చేతులతోటి పోతమా?"

చివరి ప్రయత్నంగా అల్లుడు ఒక ఎత్తు వేశాడు. దారి లేని చోట జీపు ఎలా ఉంటుందో రుచి చూపిస్తానని, మా ఇద్దరినీ మోతె దగ్గర ఎండిపోయిన చెరువులోకి తీసుకుపోయాడు. రాళ్లు, గుంతలు, నెర్రెలు దేన్నీ వదలలేదు. నా తల రెండుసార్లు పైకప్పును పలకరించింది. బండి ఆపి వెనక్కి తిరిగి, "ఏమ్మా, చాలా?" అన్నాడు.

ఆమె కొంగు సర్దుకుంది. "బాగనే ఉంది బిడ్డా. మీ అత్తకు జర మెల్లగ పోనియ్యి."

అతను స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. నవ్వు ఆగినా తల ఎత్తలేదు. "నీకేమన్నా అయితే నేనేం చేయాలమ్మా?" అన్నాడు. ఆమె వెనక సీటులోంచి చేయి చాపి అతని వీపు మీద వేసింది. "ఆగుమన్న కాడ ఆగుత. ఒట్టు." ఆ రోజే ప్రయాణం ఖాయమైంది.

2013 వానాకాలం మొదట్లో బయలుదేరాము. ఆమె చెప్పినట్టే ఎక్కుతూ, ఆగుతూ పోయాము. కుక్కరు లేకుండా వండిన మిర్యాలగూడ బియ్యం ఉడకలేదు. ఆ విషయం నేను ఒక్కసారే ఎత్తాను, అది కూడా భోజనం అయ్యాక. లేహ్ చేరాక రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మొహం కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నది లేవలేకపోయింది. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. తేరుకుంది గాని, ఇంకా పైకి వద్దన్నారు. ఉప్పు చెరువు ఇంకా పైన, పెద్ద కనుమ దాటాక ఉంది.

కొడుకు ఆమె మొహం చూడలేక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బతిమాలుతుందనుకున్నాము. ఆమె ముక్కుకు ఉన్న గొట్టం సర్దుకుని, "ఒట్టు పెట్టిన గద. ఆగిన" అంది. తరువాత నన్ను పిలిచింది.

"మంద దిగేటందుకు ముందు ఒక మనిషి పోయి మేత, నీళ్లు చూసొస్తడు. వచ్చి చెప్తడు. మా నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకుని పోయేటోడు. నువ్వు పో వదినె. చూసిరా. అడిగిరా."

"నువ్వు ఇట్లుంటే నేనెక్కడికి పోతాను?"

"మంద ఆగితే ఆగుతది. ముందు చూసే మనిషి ఆగొద్దు. గొంగడి మర్చిపోకు."

లేహ్‌లో కుదుర్చుకున్న అక్కడి డ్రైవరుతో నేనొక్కదాన్నే పోయాను. కనుమ దాటాక రోడ్డు విడిచి చక్రాల గుర్తుల వెంట నడిచింది బండి. దూరానికి మంచు అనుకున్నాను. దిగి అడుగు వేస్తే చెప్పు కింద కరకరమంది. వియ్యపురాలి చౌడు చెలకలో విన్న చప్పుడే. మన దగ్గర అలా ఉప్పు పూస్తే నేల చచ్చిందంటాము. అక్కడ మాత్రం దాన్ని చూడటానికి జనం దేశాలు దాటి వస్తారు.

వాకబు చేస్తూ పోగా ఒక గుడారంలో ముసలమ్మ దొరికింది. గొంగడి చేతిలో పెట్టాను. ఆమె మడత విప్పి, అంచు వేళ్లతో నలిపి, ముక్కుకు ఆనించుకుని వాసన చూసింది. దాన్ని ఎవరూ అనువదించనక్కరలేదు. అప్పుడు మా సూర్యాపేట ఉర్దూలో డ్రైవరుకు ప్రశ్న చెప్పాను. అతను నవ్వి ఆమెకు చెప్పాడు. ఆమె అంతకంటే ఎక్కువ నవ్వింది.

"నాకుతాయి, ఎందుకు నాకవు? అందుకే మందలో అన్నిటికంటే ఆశపోతు గొర్రెను ముందు పెట్టేవాళ్లం. దాని ముందు నాకడానికి గాలి తప్ప ఏముంటుంది? మిగతావి దాన్ని అందుకోవాలని నడుస్తాయి."

వస్తుంటే ఆగమని సైగ చేసి, లోపలి నుంచి ఒక పాత ఉన్ని సంచి తెచ్చి ఇచ్చింది. ఒకప్పుడు గొర్రె వీపున ఉప్పు మోసిన సంచి. ఖాళీదే, కాని ఉప్పు పీల్చి పీల్చి బిరుసెక్కింది.

లేహ్‌లో వియ్యపురాలు కిటికీ పక్కన దిండ్లకు ఆనుకుని ఎదురుచూస్తోంది. గుమ్మంలోనే అడిగింది, "నాకుతయా?" చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఆశపోతుదాన్ని ముందు పెడ్తరా! అయితే తెల్వకనే సరిగ్గ చేసిన వదినె. నిన్ను ముందు తోలిన గద!"

సంచి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. నేను చూడటం లేదనుకుని దాని అంచుకు నాలుక తాకించింది. చూశానని తెలిశాక కూడా తడబడలేదు. "ఉప్పున్నది. మీ పెండ్లి పప్పు కంటే నయం."

ఇంటికి వచ్చాక ఆ సంచిని కొట్టంలో గుంజకు వేలాడదీసింది. ఫోన్లో కొత్త ప్రశ్న మొదలైంది: "ఎత్తు లేకుంట ఉప్పు నేల ఏడనన్న ఉన్నదా?" గుజరాత్‌లో ఉంది, పళ్లెంలా చదునుగా ఉంటుంది, చలికాలంలో పోవాలన్నాను. "నీళ్లేడ? మేతేడ?" అని అప్పుడే మొదలుపెట్టింది. ఆ చలికాలం ఆమె ఊపిరి మిర్యాలగూడ గాలికే సరిపోలేదు. ఎత్తు లేని చోట కూడా ఆగాల్సి వచ్చింది.

ఈసారి ముందు ఆమే పోయింది. ముందు పోయిన మనిషి చూసి వచ్చి చెప్పాలన్న నియమం ఆమెదే, ఆమె మాట తప్పడం నేనెరిగి ఇదే మొదటిసారి. గుడారంలో ముసలమ్మ చెప్పిన లెక్కన, మా ఇద్దరిలో ఆశపోతు ఎవరో కూడా తేలిపోయింది.

కర్మ నాడు ఇంటి నిండా చుట్టాలుంటే నేను కొట్టంలోకి పోయాను. సంచి గుంజకు అలాగే ఉంది. గొర్రెలకు అందే ఎత్తులోనే కట్టింది. కింది అంచు దగ్గర ఉన్ని అరిగి నున్నగా మెరుస్తోంది. వేలు పెట్టి చూశాను, తడిగా ఉంది. నేను పక్కకు తప్పుకునేదాకా ఆగి, ఒక గొర్రె వచ్చి మళ్లీ నాకడం మొదలుపెట్టింది.