తాతయ్య కుడిచెవి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చెవికి దక్కిన మర్యాద నాకు దక్కలేదు. ఆ చెవి మా వదినది. వదినంటే మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్ద. వాళ్ళ ఊరు వీరులపాడు అవతల. అక్కడ హైస్కూలు లేదని జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఉండి చదువుకునేది. తన ఎడమచెవి కారేది, అందులో ఎప్పుడూ ఒక దూది ఉండ ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ చెవి ఎలా ఉందని అడిగేవారు. నా రెండు చెవులూ శుభ్రంగా పనిచేస్తున్నాయి కనుక వాటి క్షేమం ఎవరికీ పట్టలేదు.

అక్కడితో ఆగితే ఓర్చుకునేదాన్నేమో. చెవి డాక్టరుకు చూపించడానికి మా తాతయ్య తనను మూడుసార్లు బెజవాడ తీసుకెళ్ళాడు. బస్సులో కిటికీ పక్క సీటు, హోటల్లో పూరీ, రెండోసారి తిరిగొచ్చేటప్పుడు నొక్కితే కూసే పసుపుపచ్చ రబ్బరు పిట్ట. డాక్టరు రెండు కొమ్ములున్న ఇనప చువ్వను మోగించి నుదుటికి ఆనించాడనీ, ఆ మోత పుర్రె అంతా పాకిందనీ వదిన చేతులు తిప్పుతూ చెబుతుంటే నా కడుపు మండిపోయేది. ఒకసారి పిట్టను ముట్టుకోబోతే, చెవి బాగాలేనివాళ్ళకే అని చెయ్యి తోసేసింది. నాకు పదేళ్ళు. ఆ వయసులో నేను మనస్ఫూర్తిగా కోరుకున్నది ఒక జబ్బు.

ఒక ఆదివారం అన్నం తింటూ, నా చెవిలో కూడా హోరుగా ఉందని ప్రకటించాను. ఆ మాట కూడా నాది కాదు. తాతయ్య పని నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, చెవుల్లో హోరు తగ్గట్లేదని నాయనమ్మతో అనేవాడు. అక్కడి నుంచి ఎత్తుకొచ్చాను. అబద్ధమాడటానికి కూడా నా దగ్గర సొంత సరుకు లేకపోయింది.

నాయనమ్మ వెంటనే నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి, గోరువెచ్చగానే ఉందంటూ వేడివేడిగా నా చెవిలో పోసింది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టయింది నా పని. రెండు రోజులు మెడదాకా నూనె కారుతూ తిరిగాను. బెజవాడ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మా తాతయ్య ఊరి బయట రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. ఆయన పని రాయిని వినడం. తూటాలు పేల్చి లేపిన బండల్ని ఒక్కొక్కటిగా చిన్న సుత్తితో తట్టి, పలికిన తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పేవాడు. ఆయన సరేనన్న బండే లారీ ఎక్కేది. ఏళ్ళ తరబడి ఆ పేలుళ్ళ పక్కన నిలబడినందుకు చెవుల్లో హోరు మిగిలింది. అయినా రాయి మాట ఆయనకు ఆ హోరులోంచే వినిపించేది.

మంగళవారం సాయంత్రం నేను బడి నుంచి రాగానే నన్నొక్కదాన్నే సైకిలెక్కించుకుని క్వారీకి తీసుకెళ్ళాడు. గుమ్మంలో నిలబడి వదిన చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు పూరీ కంటే రుచిగా ఉంది.

పనివాళ్ళంతా వెళ్ళిపోయారు. తాతయ్య పక్కపక్కనే ఉన్న రెండు నాపబండలు చూపించి సుత్తి నా చేతికిచ్చాడు. మొదటిదాన్ని తడితే డొల్లగా పలికింది. ఆయన ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే, లోపల దాగిన మట్టిచార దగ్గర విడిపోయింది. రెండోదాన్ని తడితే గుడిగంటలా ఖంగుమంది. దాన్నీ పగలగొట్టి చూస్తానని పట్టుబట్టాను. ఆయన వద్దనలేదు. ఉలి తానే పట్టుకుని దెబ్బ నన్ను వెయ్యమన్నాడు. నాలుగు దెబ్బలకు పగిలింది. లోపల ఏమీ లేదు, నున్నగా, తెల్లగా ఉంది. మంచి బండ రెండు ముక్కలైంది.

"బాగానే ఉన్నానని అది చెప్పిందిగా. మళ్ళీ పగలగొట్టడమెందుకే?" అన్నాడు.

"మరి మొదటిదాన్ని నువ్వు పగలగొట్టావుగా తాతయ్యా."

"అది డొల్లగా పలికింది, అందుకని కొట్టా. అట్టా పలికినదాన్ని కొట్టకుండా లారీ ఎక్కించినా తప్పే. కానీ పక్కబండకి దెబ్బ పడిందని దీనికీ వెయ్యాలా?"

ఆయన గొంతులో కోపం లేదు. నన్ను ఆ ముక్క మీదే కూర్చోబెట్టి వరసగా అడిగాడు. ఏ చెవి, ఒకటేనా రెండూనా, మాటలు సరిగ్గా వినపడుతున్నాయా, కళ్ళు తిరుగుతున్నాయా, గుండె కొట్టుకున్నట్టు చెవిలో కూడా కొట్టుకుంటోందా. వదినను చూపించడానికి వెళ్ళినప్పుడు తన హోరు సంగతి కూడా డాక్టరుకు చెప్పుకుంటే, ఆయన అడిగిన ప్రశ్నలట అవి. అప్పట్లో రెండు చెవుల్లోనూ సమానంగా ఉంది కనుక, చప్పుళ్ళ మధ్య పనిచేసేవాళ్ళకు వచ్చేదేనని చెప్పి, చెవుల్లో దూది పెట్టుకోమని పంపేశాడట. ఒక్కవైపే వచ్చినా, ఉన్నట్టుండి వినపడకపోయినా, నాడితో పాటు కొట్టుకున్నా మాత్రం ఆగకుండా రమ్మన్నాడట.

అంటే బెజవాడ దారి ఎటుందో నాకు తెలిసిపోయింది. ఒక్క చెవే అన్నాను. గుండెతో పాటు కొట్టుకుంటోంది అన్నాను. అడగకపోయినా కళ్ళు కూడా తిరుగుతున్నాయన్నాను.

తాతయ్య సుత్తి నా చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత, "నా ఎడమచెవి మొన్నటి నుంచీ బొత్తిగా మూసుకుపోయిందే. ఎల్లుండి చూపించుకుందామనుకుంటున్నా. నిన్నూ తీసుకెళ్తాలే. నా సంగతి ఇంట్లో చెప్పమాక, మీ నాయనమ్మ కంగారుపడుద్ది" అన్నాడు.

గురువారం బయల్దేరాం. కిటికీ పక్క సీటు నాదే. బస్సు నందిగామలో చాలాసేపు ఆగిపోయింది. మేం డాక్టరు దగ్గరికి చేరేసరికి బాగా ఆలస్యమైంది. గుమ్మం దగ్గరున్న మనిషి, ఆపరేషన్ ఉంది, ఇంకొక్కరినే చూస్తారు, మిగతావాళ్ళు వచ్చే వారం రండి అన్నాడు. బల్ల మీద మిగిలింది మేమిద్దరమే. నేను తాతయ్యకు ఎడమవైపు కూర్చుని ఉన్నాను.

ఆయన నావైపు వంగి, "ఎవరికి తొందరో వాళ్ళు లోపలికెళ్ళాలి. నిజంగా కొట్టుకుంటోందా అమ్మడూ?" అన్నాడు.

లేదు తాతయ్యా అంటే అయిపోయేది. ఆయన చెవి ఎంత తొందరలో ఉందో ఇంట్లో అందరిలోనూ నాకొక్కదానికే తెలుసు. కానీ వదినకు ఆ ఇనప చువ్వ మూడుసార్లు దక్కింది, నాకు ఒక్కసారి కూడా దక్కలేదు. ఆ క్షణంలో నాకు కనిపించింది అదే. అవునన్నాను. చిన్నగా అన్నాను. వినికిడి పోయిన వైపు కూర్చుని అన్న ఆ మాట ఆయనకు ఎంత వినిపించిందో తెలియదు. నేను తల ఊపడం మాత్రం చూశాడు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

చువ్వ నుదుటికి ఆనింది. మోగింది. అంతే. పిల్లకేం లేదనీ, నూనె పొయ్యడం మానమనీ చెప్పి డాక్టరు లేచాడు. తాతయ్య ఏదో అనబోయాడు, ఆయన అప్పటికే తలుపు దాటేశాడు. బయట పూరీ తిన్నాను. నాకు ఆకుపచ్చ పిట్ట కొనిపెట్టాడు. తిరుగు బస్సులో ఆ పిట్టను తాతయ్య ఎడమచెవి దగ్గర పెట్టి నొక్కాను. ఆయన తల తిప్పలేదు. మళ్ళీ నొక్కాను. కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు నాకు భయమేసింది.

తరవాతి గురువారం ఒక్కడే వెళ్ళొచ్చాడు. వెంటనే వచ్చి ఉంటే ఏదైనా ప్రయత్నించేవాళ్ళం, అప్పుడైనా వినికిడి వచ్చేదని చెప్పలేం అన్నాడట డాక్టరు. ఆ చెవి మళ్ళీ తెరుచుకోలేదు. కొన్నాళ్ళు కుడిచెవి వంచి బండల్ని విన్నాడు. రెండు బండలు లారీ ఎక్కాక పగిలాయి. మూడోది పగలకముందే సుత్తి ఇంటికి తెచ్చేశాడు. ఎందుకు ఆలస్యం చేశావని నాయనమ్మ ఎన్నిసార్లు సాధించినా, బల్ల మీద జరిగింది ఆయన చెప్పలేదు.

నేను చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. పెళ్ళి కుదిరిన వారం, మంచం మీద కూర్చున్న తాతయ్యకు కుడివైపు చేరి, ఆ రోజు నా చెవిలో ఏమీ కొట్టుకోలేదని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆయన నా తల మీద వేలితో చిన్నగా తట్టి, "ఇన్నాళ్ళకి ఖంగుమన్నావే" అన్నాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నందిగామలో ఉంటున్నాను. ఆరు నెలలుగా నా చెవుల్లో నిజంగానే హోరు. కోరుకున్న జబ్బు యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. అందులోనూ వదిన నాకంటే ముందే ఉంది. తనకూ హోరే. హైదరాబాదు వెళ్ళి స్కాను తీయించుకుంది, రక్తపరీక్షలు చేయించుకుంది, రెండు రకాల బిళ్ళలు వాడుతోంది. చూడ్డానికి వచ్చినప్పుడు ఆ ఫైలు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళి ఆల్బం తిప్పినట్టు తిప్పింది. హోరు తగ్గిందా అంటే, "తగ్గలేదనుకో, కానీ అన్నీ తీయించేశా" అంది. తనది చిన్నప్పటి నుంచీ చెడిన చెవి, హోరు కూడా ఆ ఒక్కవైపే. డొల్లగా పలికిన బండ, కొట్టి చూడాల్సిందే. ఇదంతా తెలిసి కూడా ఆ ఫైలు లావు చూసి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన నెల డాక్టరు దగ్గర కూర్చున్నాను. కూతురి వయసు పిల్ల. గుబిలి తీసి, వినికిడి పరీక్ష చేయించి, కాగితం చూస్తూ అడిగింది. "ఒక చెవేనాండీ, రెండూనా? గుండె కొట్టుకున్నట్టు ఏమన్నా ఉంటోందా?" ఒక్క చెవే అంటే స్కాను రాస్తుంది. ఫైలు మొదలవుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు.

రెండు చెవులూ అన్నాను. కొట్టుకోవడం లేదన్నాను. వయసుతో పాటు వినికిడి కొంచెం తగ్గిందనీ, ఈ హోరు పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ, గది మరీ నిశ్శబ్దంగా లేకుండా ఫ్యానో రేడియోనో సన్నగా పెట్టుకుంటే మనసు దాని మీదికి పోదనీ చెప్పింది. ఇప్పటికి స్కాను అక్కర్లేదంది. ఒక్కవైపే ఎక్కువైనా, ఉన్నట్టుండి వినపడకపోయినా ఆ రోజే రమ్మంది. ఆ మాట నాకు చెప్పనక్కర్లేదని ఆ పిల్లకు తెలియదు.

ఇంటికొచ్చాక వదిన ఫోన్ చేసింది. "అంతేనా? ఒక్క కాగితమేనా?" అంది. ఒళ్ళు మండింది, మండలేదంటే మళ్ళీ అబద్ధమవుతుంది. అసూయ నాలోంచి పోలేదు, హోరులాగే అదీ ఉంటుంది. కానీ ఏ డాక్టరు ఎదుట కూర్చున్నా, అడిగినదానికి జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ క్షణంలో, మనసులోనే, తాతయ్య ఎడమవైపు నుంచి లేచి, ఆయనకు వినపడే కుడివైపుకు వెళ్ళి కూర్చుంటాను. అప్పుడు చెబుతాను.