బంతి కోసమే వచ్చిన మా వదిన

పోయిన నెలలో ఒక బుధవారం బడిలో పాఠం చెబుతుండగా అన్న ఫోన్ చేశాడు. క్లాసులో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఎత్తాను. “చెల్లె, మీ వదిన పోయింది” అన్నాడు. వెనక ఎవరో ప్రార్థన చేస్తున్న గొంతు సన్నగా వినిపించింది. తల్లిగారింట్లో కొన్నాళ్లు ఉండి వస్తానని భూపాలపల్లి పోయిన మనిషి అక్కడే కన్ను మూసింది.

పిల్లలను చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. ఏడుపు రాలేదు. ఏడాదిగా ఆస్పత్రుల చుట్టూ తిరిగి మేమంతా అలిసిపోయి ఉన్నాం. అలిసిన మనుషులకు ఏడుపు కూడా ఆలస్యంగానే వస్తుందేమో. నాకు మాత్రం ఆమెను మట్టిలో పెట్టి ఇంటికి వచ్చాక, వాకిట్లో ఆమె చెప్పులు పక్కకు జరుపుతుంటే వచ్చింది.

ఆమె గురించి రాయాలంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. నా మోకాలు పోయింది ఆమె కాలు తగిలే. మా ఇంటి కోడలు కావడం ఆ తర్వాతి సంగతి.

అప్పుడు నేను జనగామలో ఇంటర్ చదువుతున్నాను. మాది పాలకుర్తి వైపు ఊరు. నాయిన పోయాక అమ్మ మా ఇద్దరినీ తీసుకొని జనగామ వచ్చి, ఒక హాస్టల్లో వంట పనికి కుదిరింది. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకొని ఫుట్‌బాల్ ఆడుతుంటే జనం ఆగి వింతగా చూసే రోజులవి. మా ఆటల సారు మాత్రం నా కాలిలో ఏదో ఉందని నమ్మాడు. ఎడమ వైపు నుంచి పరుగెత్తుకొచ్చి, ఒక్కసారిగా లోపలికి తిరిగి, కుడికాలితో కొట్టడం నా ఆట. ఆ చలికాలం రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి రమ్మని నాకు పిలుపు వచ్చింది. జట్టులో చోటు దొరికితే వేరే రాష్ట్రాలకు పోయి ఆడొచ్చు. బాగా ఆడితే రైల్వేలోనో పోలీసులోనో కొలువు కూడా రావచ్చు. అమ్మ ఆ కొలువు మాట పట్టుకొని చర్చిలో నిలబడి దేవుడు చేసిన మేలని సాక్ష్యం కూడా చెప్పేసింది.

శిబిరానికి ముందు ఒక్క మ్యాచ్ మిగిలింది. మానుకోటలో, భూపాలపల్లి జట్టు మీద. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజులు. మైదానం పక్క రోడ్డు మీద డప్పులు, పాటలు వినపడుతూనే ఉన్నాయి. నేలంతా గట్టి మొరం. భూపాలపల్లి వాళ్లలో వెనక ఆడే పొడుగు పిల్ల ఒకతె, బొగ్గు బాయి కార్మికుడి కూతురు, మొదటి సగమంతా నన్ను కదలనివ్వలేదు. రెండో సగంలో ఒకసారి తప్పించుకున్నాను. లోపలికి తిరిగాను. ఎడమకాలు నేలకు తన్ని పెట్టి కుడికాలు ఎత్తాను. ఆమె పక్క నుంచి జారుతూ వచ్చింది. బంతి ఎటు పోయిందో నేను చూడలేదు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు మాత్రం నా లోపలి నుంచే వచ్చింది.

మొదట నా దగ్గరికి వచ్చింది కూడా ఆమే. నా తల ఒడిలో పెట్టుకొని “కదలకు పిల్లా, కదలకు” అంటోంది. నొప్పికి నేను ఆమె చేయి కొరికాను. ఆ గాటు చాలాకాలం మచ్చగా ఉండేది. పెళ్లయ్యాక ఇంటికి వచ్చినవాళ్లందరికీ “మా ఆడిబిడ్డ నాకు పెట్టిన సారె” అని చూపించి నవ్వేది.

మానుకోట దవాఖానలో కట్టు కట్టి హైదరాబాద్ పొమ్మన్నారు. మోకాలి లోపల లిగమెంట్ తెగిందని, ఎముకల మధ్య మెత్తటి భాగం కూడా చిరిగిందని అక్కడి డాక్టరు చెప్పాడు. వాపు తగ్గాక ఆపరేషన్‌కు రమ్మని తేదీ ఇచ్చాడు. సరిగ్గా ఆ తేదీకే బంద్ వచ్చింది. బస్సుల్లేవు. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మళ్లీ తేదీ దొరకడానికి వారాలు పట్టింది. ఈలోగా నా మోకాలు వంగినట్టే బిగుసుకుపోయింది.

ఎవరిని అనగలం? రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లలో డిగ్రీ చదివే మా అన్న కూడా ఉన్నాడు.

“చెల్లె కాలు ఎండిపోతాంటె నువ్వు పోయి పట్టాల మీద కూసున్నవారా?” అని అమ్మ అరిచింది.

“నేనొక్కన్ని లేస్తే రైలు కదుల్తదా అమ్మా?” అన్నాడు అన్న. తర్వాత నా మంచం పక్కన కూర్చొని, నా వైపు చూడకుండానే, “రాష్ట్రం రానీ చెల్లె. మన జట్టు మనకుంటది. నువ్వే ముందుంటవ్” అన్నాడు. అన్న ఆ మాట నమ్మే అన్నాడు. నేనూ నమ్మాను. అప్పుడు మేమందరం చాలా నమ్మేవాళ్లం.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. భూపాలపల్లి నుంచి హన్మకొండ, అక్కడ బస్సు మారి జనగామ. చేతిలో బత్తాయిల సంచి. అమ్మ గడపలోనే ఆపేసింది.

“నా బిడ్డ కాలు ఇరగ్గొట్టినవ్. ఇంకేం చూద్దామని వచ్చినవ్?”

“తిట్టు అవ్వా. తిట్టుడు అయినంక పోత.”

అమ్మ నిజంగానే తిట్టింది. ఆమె నిలబడి అంతా విన్నది. అయిపోయాక సంచి గడప మీద పెట్టి, “మళ్ల ఆయితారం వస్త” అని వెళ్లిపోయింది. అన్నట్టే ఆదివారం వచ్చింది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. రానురాను అమ్మ తిట్లు చిన్నవయ్యాయి. ఒకసారి ఆమె వచ్చిన రోజే బంద్ పిలుపు వచ్చి బస్సులు నిలిచిపోయాయి. తిరిగి పోయే దారి లేదు. అన్నం వేళకు ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంటే అమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. “బంద్ ఎన్ని రోజులుంటదో ఏమో. అన్ని రోజులు ఉపాసముంటవా ఏంది? తిను” అన్నది. ఒక బంద్ నా ఆపరేషన్‌ను ఆపింది. ఇంకో బంద్ ఈమెను మా ఇంట్లో ఆపింది. వీటిలో దేన్ని తలుచుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే నా కాలు ఆమె చేతికి చిక్కింది. డాక్టరు చెప్పిన వ్యాయామాలు నొప్పికి భయపడి నేను ఎగ్గొడుతున్నాను. బాయిలో కాలు నలిగి మంచాన పడ్డ తండ్రికి దగ్గరుండి చేయించిన అలవాటు ఆమెకుంది. పాత చీరముక్కలో ఇసుక మూటగట్టి నా పాదానికి కట్టేది. “లేపు. ఇంకోసారి. నొప్పి నీది, లెక్క నాది” అనేది. నేను ఏడిస్తే ఆగేది. ఏడుపు ఆపగానే మళ్లీ మొదలుపెట్టేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. “ఆ రోజు కావాలనే తన్నినవా?”

ఆమె ఇసుక మూట విప్పి పక్కన పెట్టింది. “బంతి కోసమే వచ్చిన. కానీ ఆలస్యంగ వచ్చిన” అన్నది. తన తప్పు లేదనీ అనలేదు, మాఫ్ చేయమనీ అడగలేదు. ఆ మాట మా మధ్య మళ్లీ ఎన్నడూ రాలేదు.

శిబిరంలో నా చోటు ఖాళీ అయింది. ఆ మ్యాచ్ చూసినవాళ్లు ఆమెను పిలిచారు. ఆ సంగతి చెప్పడానికే ఒకసారి వచ్చి, “పోవాల్నా వద్దా, నువ్వే చెప్పు” అన్నది. పొమ్మని అనడానికి నాకు చాలాసేపు పట్టింది. “పోయినంక అక్కడ ఏమేం జరిగిందో అన్నీ చెప్పాలె. దాస్తే ఊకోను” అన్నాను. ఆమె ఏదీ దాచలేదు. కొత్త బూట్లు, పడినా చర్మం గీసుకుపోని గడ్డి మైదానం, ఈమె నోరు తెరిస్తే చాలు పక్కకు తిరిగి నవ్వుకునే కొందరు పిల్లలు. “నా మాట సమజ్ కాలేదు గనీ, నా ఆట మంచిగనే సమజైంది వాళ్లకు” అనేది. వింటూ నా మోకాలి మీద కుట్లు తడుముకునేదాన్ని. అయినా ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అనేదాన్ని.

కొన్నాళ్లు ఆడింది. తర్వాత పిలుపులు ఆగిపోయాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. ఒక ట్రాక్‌సూట్ మిగిలింది. తర్వాతి కాలంలో దాన్ని వేసుకొనే చలికాలం మా వాకిలి ఊడ్చేది.

ఈలోగా నేను నడిచాను. పరుగెత్తాను. అమ్మ, అన్న, సారు, పాస్టరు, అందరూ “మళ్లా ఆడుతవ్ బిడ్డా” అన్నారు. ఒక పొద్దున జనగామ మైదానంలో ఆడుతూ ఎడమ వైపు నుంచి లోపలికి తిరిగాను. చుట్టూ ఎవరూ లేరు. మోకాలు తనంతట తానే పక్కకు జారింది. పడ్డాను. మానిందనుకొని కొంతకాలానికి మళ్లీ దిగితే మళ్లీ అదే. “తొందరపడ్డవ్, ఇంక కొన్ని నెలలు ఆగు” అన్నారు గట్టు మీద ఉన్నవాళ్లు. ఆ రోజు చూడటానికి వచ్చిన ఆమె ఒక్కతే మైదానం మధ్యకు నడిచి వచ్చి నా పక్కన మట్టిలో కూర్చుంది.

“ఇగ సాలు” అన్నది.

“చెప్పేది నువ్వా?”

“నేనే చెప్పాలె. ఇంకెవ్వరు చెప్తరు? వాళ్లకు నువ్వంటె పావురం, గంత ప్రేమున్నోళ్లకు నోరు రాదు. ముసల్దానివైనంక నడిచెటందుకన్న నీకు ఒక కాలు కావాలె పిల్లా.”

చేతికందిన మట్టి ఆమె మీదికి విసిరాను. దులుపుకోలేదు. ఎండ ఎక్కేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. నేను ఆట మానేసింది ఆ రోజే. మానుకోటలో పడ్డ రోజు కంటే ఆ రోజే నాకు పెద్దది. అంత కఠినమైన మాటను అంత దగ్గరగా కూర్చొని చెప్పిన మనిషి నాకు మళ్లీ ఎదురుపడలేదు. డిగ్రీ పుస్తకాలు నా ముందు పెట్టి, చదువు మీదికి నన్ను తోసింది కూడా ఆమే. ఈ రోజు నాలుగు అక్షరాలు చెప్పుకొని బతుకుతున్నానంటే అందులో ఆమె చెయ్యి ఉంది.

ఆమెను బస్టాండుకు దింపి రావడం అన్న పని. ఆ పనిలో అన్న ఎప్పుడు ఆలస్యం చేయడం మొదలుపెట్టాడో మేం గమనించలేదు. పెళ్లి మాట వచ్చినప్పుడు అమ్మ, “నీకు ఇష్టముంటేనే” అని భారం నా మీద పెట్టింది. నేను ఆమెనే అడిగాను. “మా అన్న మీద పావురంతోటి వస్తున్నవా, నా కాలు చూసి పాపమనిపించి వస్తున్నవా?”

“నీ కోసమైతే బస్సుల వచ్చిపోయేదాన్ని గదా! పెండ్లెందుకు?” అన్నది.

పెళ్లయిన మరుసటి ఏడు రాష్ట్రం వచ్చింది. వీధంతా రంగులు, టపాకాయలు. అన్న తలనిండా రంగుతో పరుగెత్తుకొచ్చి “చెల్లె, వచ్చింది!” అని నా చేతులు పట్టుకున్నాడు. అంతలోనే నా కాలు కంటపడి ఆగిపోయాడు. వాకిట్లో ఉన్న వదిన చూసింది. “ఏంది గా ముఖం? ఇన్నేండ్లు కొట్లాడి తెచ్చుకున్నరు, సంబురపడుండ్రి. కాలు సంగతి కాలుది” అన్నది. మేం ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అన్న ఏడ్చాడు.

ఆమెకు జనగామ దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆటలు నేర్పే పని దొరికింది. కొత్తగా వచ్చిన పిల్లలకు వెంటనే బంతి ఇచ్చేది కాదు. “తన్నుడు అందరికి వస్తది. ముందు పడుడు నేర్వుండ్రి” అనేది. దారిలో రాయి కనబడితే వంగి తీసి పక్కన పారేసేది. మైదానంలో అయితే సరే, పెళ్లి పందిట్లో, చర్చి ముంగిట కూడా. “ఇదేం రోగమే” అని అమ్మ విసుక్కునేది. ఏ పిల్లకు దెబ్బ తగిలినా తానే ఆటోలో ఇంటిదాకా పోయి, ఆ పిల్ల తల్లి తిట్లు తిని వచ్చేది. “ఎవరన్న తిట్టించుకోకపోతే ఆ తల్లికి దమ్మెట్ల తిరుగుతది?” అని ఆమె వాదన.

అన్నావదినల బిడ్డ ఫుట్‌బాల్ ఆడతానన్నప్పుడు అన్న ఒప్పుకోలేదు. “ఒకరిది చూసినం, సాలు” అన్నాడు. వదిన నా వైపు తిరిగి, “నువ్వు చెప్పు” అన్నది. ఆడనివ్వమన్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆ సాయంత్రం మైదానానికి పోయాను. బిడ్డ బంతి మీదికి ఉరికిన ప్రతిసారీ వదిన వేళ్లు నా మణికట్టు చుట్టూ బిగుసుకునేవి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

పోయిన ఏడు కడుపునొప్పితో మొదలైంది. క్యాన్సర్ అని తేలేసరికి ముదిరిపోయింది. మందు ఎక్కించుకోవడానికి హైదరాబాద్ పోయిరావాలి. అన్నకు వీలు కానప్పుడు నేను వెంట పోయేదాన్ని. ఒకసారి “మళ్లా మంచిగైతవ్ వదినా” అన్నాను. “నువ్వు గూడ గట్లనే అంటవా?” అని నా ముఖంలోకి చూసింది. చివరికి చెప్పాల్సిన మాట కూడా ఆమే చెప్పుకుంది. “దవాఖానలు సాలు. మా అమ్మ దగ్గర కొన్ని రోజులుంట” అన్నది.

చివరిసారి హైదరాబాద్ నుంచి వచ్చిన సాయంత్రం జనగామ స్టేషన్‌లో దిగాం. అన్న బండి తీసుకొని రావడానికి ఇంకా టైముంది. ఆమెకు మెట్లు ఎక్కే ఓపిక లేదు. ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాం. నా భుజానికి తల ఆనించింది. ఆమె బరువు లేనట్టే ఉంది. అవతలి లైను మీద బొగ్గు గూడ్సు ఒకటి మెల్లగా వచ్చింది. “మా దిక్కుదే కావచ్చు” అన్నది. దాన్నే చూస్తూ, చూస్తూ నిద్రపోయింది. నా ఎడమ మోకాలు అప్పటికే పట్టేసింది. కాలు చాపితేగానీ ఆ నొప్పి ఆగదు. చాపితే ఆమె లేస్తుంది. అట్లాగే కూర్చున్నాను. డబ్బా వెనక డబ్బా, బండి పోతూనే ఉంది.