మా ఆయన దింపుతారు

కరోనా ఏడాదిలో మా ఆయన ఉద్యోగం పోయింది. అప్పట్నుంచీ ఈ ఎడారి దేశంలో ఇంటిల్లిపాదికీ వీసా నా ఉద్యోగం మీదే. ముసఫ్ఫా పారిశ్రామికవాడలో, బస్సు తిరిగే రోడ్డు దాటి బాగా లోపలికి ఉన్న ఒక స్టీలు కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. అది ఊడిందంటే మా ఆయన వీసా, పన్నెండో తరగతికి వస్తున్న మా అమ్మాయి వీసా దాంతోపాటే ఊడతాయి. ఇంత బరువు మోసే ఉద్యోగానికి నేను రోజూ దొంగతనంగా వెళ్లేదాన్ని.

దొంగతనమంటే కార్ లిఫ్టు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా వీధి ఆడవాళ్లం ఒకే బండిలో సర్దుకుని, నెలకింతని ఇచ్చి వెళ్లేవాళ్లం. లైసెన్సు లేకుండా ఇలా జనాన్ని ఎక్కించుకోవడం ఇక్కడ నేరం. పట్టుబడితే జరిమానా, బండి జప్తు. అందరికీ తెలుసు, అందరూ ఎక్కుతారు. పోలీసు బండి కనబడితే మా డ్రైవరు "అందరం చుట్టాలమని చెప్పుండ్రి" అనేవాడు. ఆ జగిత్యాల మనిషి గుంటూరుదాన్నైన నాకూ, కాకినాడావిడకీ, మలయాళీ నర్సుకీ ఒకేసారి ఏం చుట్టమవుతాడో దేవుడికే తెలియాలి. డ్రైవింగు టెస్టు తప్పీ తప్పీ విసిగి మానేసినదాన్ని కనక నేనూ నోరు మూసుకుని చుట్టాన్నయ్యాను.

అలాంటప్పుడు యూరప్ వాళ్లు వచ్చారు. అక్కడ కొన్ని దేశాల యూనివర్సిటీలు కలిసి ఒక కూటమి కట్టాయట. ఊరు బాగుపడాలంటే ముందు మనుషుల రాకపోకలు బాగుపడాలని, పొగ తగ్గాలని, కార్లలో తిరిగేవాళ్లని బస్సుల్లోకి మళ్లించాలని వాళ్ల పట్టుదల. ఇక్కడి యూనివర్సిటీ ఒకటి వాళ్లతో చేతులు కలిపింది. ఇళ్ల దగ్గర్నుంచి పారిశ్రామికవాడ లోపలిదాకా చిన్న కరెంటు బస్సులు కొన్నాళ్లు నడిపి చూస్తారనీ, పనికెళ్లే దారి లేని వీధులకే ముందు బస్సనీ, అవేవో వీధుల వాళ్లనే పిలిచి అడుగుతారనీ మా బిల్డింగు కింద పోస్టరు అంటించారు. ట్రాముల్లో తిరిగే దొరసానులకి మా ఎండ గురించి ఏం తెలుసులే అని ముందు వెక్కిరించాను. పోస్టరు మీద గీసిన దారి మా కంపెనీ గేటు ముందునుంచే వెళ్తోందని గమనించాక వెక్కిరింపు పోయి ఆశ పట్టుకుంది. ఆశంత చెడ్డది ఇంకోటి లేదు.

మీటింగు ముందురోజు డ్రైవరు బండి పక్కకి ఆపి మావైపు తిరిగాడు.

"అక్కా, మీకు దండం పెడ్త. ఆడ కార్ లిఫ్టు ముచ్చట తియ్యకుండ్రి. ఒక్కలు నోరు జారినా నా బండి ఖలాస్."

"మేమెందుకు చెప్తామన్నా? మమ్మల్ని మాత్రం వదులుతారా?" అంది కాకినాడావిడ.

"మరి పనికి ఎలా వెళ్తారని అడిగితే?" అన్నాను.

"మా ఆయన దింపుతారని చెప్పేస్తే పోలా!"

అందరం నవ్వాం. అదే ఖాయమైపోయింది.

మీటింగుకి నాతోపాటు మా ఆయన కూడా వచ్చారు. యూరప్ నుంచి వచ్చిన పరిశోధకురాలు, నెరిసిన జుట్టావిడ, ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో ఓపిగ్గా అడిగింది. పనికి ఎలా వెళ్తారు? మా ఆయన దింపుతారు. మరి మీరు? మా ఆయన దింపుతారు. నర్సుకి ఇంకా పెళ్లే కాలేదు, కంగారులో ఆ పిల్లా అదే చెప్పింది. నా వంతు వచ్చింది. ఆయన ఉద్యోగం పోయాక మేం మొట్టమొదట అమ్మేసింది కారునే. పక్కన ఆయన్ని కూర్చోబెట్టుకుని నేనూ ఆ మాటే అన్నాను. ఆయన నిజమేనన్నట్టు తలూపారు. ఆ తలూపడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం మీ వీధి మగవాళ్లు చాలా మంచివాళ్లని మెచ్చుకుంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేం పిలిచి పెడతామన్నా వద్దన్న మహాతల్లులం. మొగుళ్లు దింపే వీధికి బస్సెందుకనుకున్నారు; బస్సులు వచ్చాయి, మేం నడిచి అందుకోలేనంత దూరపు వీధులకి వెళ్లాయి.

ఎండలు ముదిరే వేళకి మా డ్రైవరు తనిఖీలో దొరికిపోయాడు. ఎవరూ చెప్పలేదు, మామూలుగానే దొరికాడు. బండి పోయాక ఫుజైరా క్వారీల్లో లారీ నడపడానికి వెళ్లిపోయాడు. నేను మామూలు బస్సు దిగి, అక్కణ్నుంచి లారీల దుమ్ములో కంపెనీ దాకా నడిచేదాన్ని. టాక్సీ ఎక్కితే జీతం దారిలోనే అయిపోయేది. ఎంత ముందు బయల్దేరినా ఆలస్యమే. చెమటతో ఒంటికి అంటుకుపోయిన బట్టల్తో లోపలికి వెళ్తే మా ముదీర్, ఆఫీసంతటికీ పెద్ద, గడియారం వైపు చెయ్యి చూపించేవాడు. ఒకరోజు "ఇంకొక్కసారి లేటైతే ఖలాస్" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను, ఆయన మాత్రం ఏం చేస్తారు?

అంతలో బస్సు దారులు మళ్లీ సరిచూస్తామని యూనివర్సిటీ వాళ్లు ఇంకో మీటింగు పెట్టారు. ఈసారి నిజం చెప్పేస్తానని నిశ్చయించుకున్నాను. మెట్ల దగ్గర కాకినాడావిడ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మాకు వేరే బండి దొరికింది. అందులో సీట్లు నిండిపోయాయి, నీకు చెప్పలేకపోయాం. నువ్వు లోపల నోరు తెరిస్తే ఇదీ పోద్ది."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు చోటు లేని బండిని నేను కాపాడాలట! చెయ్యి విదిలించుకుని లోపలికి వెళ్లాను.

నా వంతు రాగానే లేచి నిలబడ్డాను. మాకు కారు లేదనీ, ఇన్నాళ్లూ కార్ లిఫ్టులో వెళ్లాననీ, ఇప్పుడు అదీ లేదనీ, బస్సు రాకపోతే నా ఉద్యోగం పోతుందనీ చెప్పాను. పరిశోధకురాలు పెన్ను పక్కన పెట్టి నన్నే చూసింది.

"ఈ సంగతి మాకు తెలియనే తెలియదు. మీ వీధిలో మీలా వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారా? కొద్దిమంది ఉన్నా చాలు, బస్సు ఇటు తిప్పిస్తాను" అంది.

వెనక్కి తిరిగాను. కాకినాడావిడ కళ్లతోనే దండం పెడుతోంది. నర్సు తల వంచుకుని చున్నీ అంచు నలుపుతోంది. వాళ్ల మీద కోపం పోలేదు. కానీ వాళ్ల వెనక కూడా నా ఇల్లులాంటి ఇళ్లే ఉన్నాయి.

"లేరండీ," అన్నాను. "నేనొక్కదాన్నే."

ఒక్క మనిషి కోసం బస్సు వెయ్యలేమని ఆవిడ నిజంగా బాధపడుతూ చెప్పింది. ఆ వారంలోనే ముదీర్ నన్ను తన గదిలోకి పిలిచి "ఖలాస్" అన్నాడు. మా అమ్మాయి పరీక్షలకి ఇంకా చాలా నెలలున్నాయి.