పది అడుగుల దూరం

ఎనభైల మొదట్లో తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే చోట బండలు కొలిచి చదరపు అడుగులు రాసేవాణ్ని. బడిలో నేర్చిన లెక్క తక్కువ, పనిలో నేర్చుకున్నదే ఎక్కువ. నా కొలత తప్పదని గర్వం ఉండేది.

ఆ ఏడు నా భార్య కంటి నరాలు ఎండిపోతున్నాయని పట్నం డాక్టరు చెప్పాడు. రోజూ పది అడుగుల దూరంలో నిలబడి వేళ్లు చూపించమన్నాడు. ఎన్ని వేళ్లో చెప్పలేకపోయిన రోజే తీసుకొస్తే ఆపరేషన్ చేసి మిగిలిన చూపు కాపాడవచ్చని, ఆలస్యమైతే చేసేదేమీ లేదని అన్నాడు. నాలుగు నెలలు ఒక్కరోజూ మానలేదు. ఆమె ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

వానలు బాగా పడ్డాయి. నిండిన నీళ్లు చూడాలంది. ఆమె తమ్ముడు మా షేటు కారు నడిపేవాడు, ఆదివారానికి అడిగి తెచ్చాడు. ముందు వికారాబాద్ చెరువు. గట్టు మీద మిర్చిబజ్జీలు తింటుంటే నేను టేపు తీశాను.

"బావా, బండ అనుకున్నవా మా అక్కను? ఐతారం నాడన్న టేపు పక్కకు పెట్టు," అన్నాడు.

"కొలవనియ్యిరా. కొలవకపోతే మీ బావకు బజ్జీ అరగదు," అందామె. రెండు, నాలుగు, ఒకటి, మూడు. అన్నీ సరిగ్గా చెప్పింది.

తిరుగుదారిలో కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర ఆగాం. కొంగలు ఎగిరిపోయాక, రెక్కల చప్పుడు వచ్చినవైపు ఆమె తల తిప్పింది. చూసిందనే అనుకున్నాను. అక్కడా నాలుగూ సరిపోయాయి.

చివరిది యాలాల్ దగ్గర కాగ్నా నది. టేపు పరిచి పది అడుగులు వెనక్కి నడిచాను. బురదలో కాలు జారి చతికిలబడ్డాను. రెండు చేతులూ నేలమీదే ఉన్నాయి.

"రెండు," అందామె.

లేచి పిడికిలి బిగించి పైకెత్తాను.

"నాలుగు."

ఏదీ మరిచిపోకుండా ఉండాలని నాలుగు నెలలూ అదే వరుసలో చూపించాను. ఆమెకు అది కంఠతా వచ్చేసింది. మూడు వేళ్లు చూపిస్తూ దగ్గరికి నడిచాను. ఎనిమిది అడుగులు. ఐదు. రెండు అడుగుల దగ్గర కళ్లు చికిలించి, "మూడా?" అంది.

"ఎప్పటిసంది?"

"బతుకమ్మ ముందటిసంది." పైట కొంగు వేలికి చుట్టుకుంది. "పక్కింటామె ఆపరేషన్ చేయించుకుంటే ఉన్న జర చూపు గూడ పాయె. నాకు భయమైంది. నువ్వు గా వరుస మార్చకపోతివి..."

బతుకమ్మ పోయి ఆరు వారాలు.

"బండి తియ్యి, పట్నం పోదాం," అన్నాను.

"ఇయ్యాల దవాఖానల ఎవరుంటరు బావా?"

"తియ్యమంటున్న గదా!"

వచ్చిన దారినే వెళ్లాం. ఒక్కో రాయీ దాటుతుంటే ఇంకా ఎన్ని కిలోమీటర్లో పైకే చెబుతున్నాను, ఎవరూ అడగకపోయినా. వికారాబాద్ వచ్చేసరికి పొద్దు ఇంకా వాలలేదు.

"చెరువొచ్చిందా?" అంది.

"వచ్చింది."

"మస్తుగున్నయి నీళ్లు."

చెరువు మాకు ఎడమవైపు ఉంది. ఆమె కుడివైపు కిటికీలోంచి చూస్తోంది.