తూటాలు దొరకని ఏడు రాజమ్మకు ఇచ్చిన రైఫిల్

అది 1974. జనగామలో రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో మా తుపాకుల దుకాణం ఉండేది. లైసెన్సు ఉన్నవాళ్ళకు తుపాకులు అమ్మడం, చెడిపోయినవి బాగుచెయ్యడం మా పని. ఈ పని మా నాయిన దగ్గర నేర్చుకున్నాను. బయటివాళ్ళకు మా దుకాణమంటే భయమూ ఉండేది, ఉబలాటమూ ఉండేది. లోపలికి వస్తే మాత్రం ఉస్సూరుమనేవాళ్ళు. గొలుసు వేసి తాళం పెట్టిన నాలుగైదు తుపాకులు, నూనె వాసన, ఆకురాళ్ళు, వాటి మధ్య నేను. అంతే.

ఆ రోజుల్లో తుపాకీ కంటే తూటా దొరకడమే కష్టం. విదేశీ సరుకు రావడం దాదాపు ఆగిపోయింది. దేశంలో తయారైన తూటాలు మావంటి చిన్న దుకాణాలకు ఎప్పుడో ఒకసారి వాటా కింద వచ్చేవి. పెట్టె విప్పకముందే అడిగేవాళ్ళు గుమ్మంలో ఉండేవాళ్ళు. ధర ఎంత పెరిగిందంటే, గురి తప్పి ఒక తూటా పేలిందంటే ఒక దినం కూలి గాలిలో కలిసినట్టే.

ఆ వానకాలంలో ఒకనాడు ఘనపూర్ నుంచి ముగ్గురు వచ్చారు. ములుగు దిక్కున్న ఘనపూర్. ముందు నడిచింది ముప్పై అయిదేళ్ళ ఆమె, రాజమ్మ. వెనక కర్ర పట్టుకుని కుంటుతూ ఆమె భర్త చంద్రారెడ్డి, ఆయన తమ్ముడు తిరుపతిరెడ్డి. అడవి అంచున వాళ్ళకు భూములు ఉన్నాయి.

లైసెన్సు కాగితం విప్పకముందే, "తుపాకి మీకేనా పటేలా?" అని చంద్రారెడ్డిని అడిగాను.

"నాకు గాదన్నా. ఆమెకే" అన్నాడు. నా ముఖం చూసి ఆయనే విషయం చెప్పాడు. వాళ్ళ మక్కచేను మీద ఒక ఒంటరి అడవిపంది పడుతున్నది. ఒక కోర విరిగిన మగపంది. డప్పు కొడితే, మంట పెడితే పారిపోయే రకం కాదు, ఎదురు వస్తుంది. చంద్రారెడ్డిని తొడ నుంచి మోకాలి దాకా చీల్చేసింది. వరంగల్ పెద్దదవాఖానలో ఉండి, కాలు నిలబెట్టుకుని వచ్చాడు. పక్క చేను మల్లయ్యకు ఆ భాగ్యం దక్కలేదు. ఆయన చేనులోనే చనిపోయాడు. ఆ తర్వాత చేన్లకు కావలి పోయేవాళ్ళే లేరు. కోతకు వచ్చిన పంటను ఊరు ఊరంతా వదిలేసుకునే గతి వచ్చింది. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి పంట రక్షణ కింద లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ పందిని చంపడానికి అటవీ శాఖ అనుమతి కూడా వచ్చింది.

"నేను గంటసేపు నిలబడలేను. మా తమ్మునికి చూపు దూరం ఆనది. ఈమె చూపు, ఈమె చెయ్యి నాకు ఎరికే" అన్నాడు చంద్రారెడ్డి.

తిరుపతిరెడ్డి అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. "అన్నా, నర్సింహులపేట దిక్కు ఒక దొరోరింట్ల సీమ రైఫిల్ అమ్ముతున్నరట. త్రీ సెవెంటీఫైవ్ మ్యాగ్నమ్. ఏనుగును సుత పడగొడ్తదట. గది మాకు ఇప్పియ్యి."

ఆ రైఫిల్ నాకు బాగా తెలుసు. రెండుసార్లు నా చేతుల మీదే మరమ్మతు అయింది. అక్రోటు కట్టె మీద నీళ్ళలా పారే చారలు, బోల్ట్ వెన్నలా జరిగేది. బోల్ట్ అంటే తూటాను గొట్టంలోకి తోసి తలుపులా బిగించే గడియ. అంత అందమైన తుపాకీ మళ్ళీ నా దుకాణానికి రాలేదు. అది అమ్మిపెడితే నాకూ లాభమే.

"దొర దగ్గర తూటాలెన్ని ఉన్నయో అడిగినవా?" అన్నాను.

"ఆరు ఉన్నయట."

"అవి నేను చూసిన. ఇత్తడి మీద పచ్చగ చిలుమెక్కింది. పేల్తయో లేదో ఎవరు చెప్పలేరు. అవి అయిపోయినంక ఇంకో ఆరు ఎక్కడికెల్లి తెస్తవు? హైదరాబాదుల నేనే తిరిగిన, దొరకలే. తూటా లేనంక అది రైఫిల్ గాదు తిరుపతీ, రోకలి."

రాజమ్మ ఫక్కున నవ్వింది. వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

నేను ఆమె వైపు తిరిగి క్యాలిబర్ అంటే ఏమిటో చెప్పాను. గొట్టం లోపలి వెడల్పును క్యాలిబర్ అంటారు. ఏ వెడల్పు గొట్టానికి ఆ తూటాయే, ఇంకోటి పట్టదు. అందుకని క్యాలిబర్ ఎంచుకోవడమంటే బతుకంతా ఏ తూటా కోసం వెతుక్కోవాలో ఎంచుకోవడమే. పాయింట్ టూటూ తూటాలు చవక, దొరుకుతాయి కూడా. కానీ అంత పందికి అది చీమ కుట్టినట్టు. ట్వెల్వ్ బోర్ తుపాకీ మంచిదే, కానీ దానికి లావు గుండ్ల తూటాలు కావాలి. బజారులో ఉన్నవల్లా పిట్టలను కొట్టే సన్న రవ్వ తూటాలు. వాటితో కొడితే పంది చావదు, ఇంకా పిచ్చిదైపోతుంది.

"పంది నీకు ఎంత దూరంల కనపడ్తది చెల్లె?" అని అడిగాను.

ఆమె గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు మీదికి చూసింది. "మంచె మీదికెల్లి ఒర్రె గట్టు దాక. అగో, ఆ లారీ ఆగిన కాడి దాక అనుకో."

ఒర్రె అంటే చేను పక్క చిన్న వాగు. చక్కగా చెప్పింది. చాలామంది మగవాళ్ళు "శానా దూరం" అని చెయ్యి ఊపుతారు.

"అయితే నీకు త్రీ ఫిఫ్టీన్ చాలు" అన్నాను. మన దేశంలోనే తయారయ్యే రైఫిల్ అది. చూడ్డానికి మోటుగా ఉంటుంది. కానీ ఆ దూరంలో అడవిపందికి దాని తూటా సరిపోతుంది. ఆలస్యమైనా ఆ తూటా మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఉంది. నా దగ్గర అప్పుడు ఒక రైఫిల్, అరపెట్టె తూటాలు ఉన్నాయి. అన్నీ ఒకే లాటువి, అంటే ఒకే విడతలో తయారైనవి. లాటు మారితే గురి కొంచెం మారుతుంది. ఆ తూటాల కోసం ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కబురు పెట్టి ఉన్నారు. అందరికీ లేవని చెప్పి, లైసెన్సు అనుమతించినంత వరకు రాజమ్మకే ఇచ్చాను.

తిరుపతిరెడ్డికి నచ్చలేదు. "ఇది పోలీసోల్ల తుపాకి లెక్కున్నది. పెద్దదానికి పోదాం వదినా."

రాజమ్మ రైఫిల్ ఎత్తి భుజానికి ఆనించుకుంది. "పెద్దది అటకెక్కితే ఏం లాభం మరిదీ? దీనికి తిండి దొరుకుతది. ఇదే తీసుకుందాం" అన్నది.

ఆమె ఎత్తగానే ఒక సంగతి కనిపెట్టాను. బట్, అంటే భుజానికి ఆనే చెక్క, ఆమె చేతికి పొడుగైంది. చెంప సరిగ్గా ఆనడం లేదు. అలా ఉంటే ఎంత మంచి తుపాకీ అయినా గురి తప్పుతుంది, దవడకు దెబ్బ కూడా తగులుతుంది. చెక్కను అంగుళం కోసి, చివర రబ్బరు చెప్పు అట్ట అతికించి, ఆమె కొలతకు తెచ్చాను. దర్జీ రవికె కుట్టినట్టు కుడుతున్నవు అన్నా అని నవ్వాడు చంద్రారెడ్డి. నిజానికి అదే పని.

ఇక అసలు చిక్కు మిగిలింది. గురి రావాలంటే పేల్చాలి. పేలిస్తే తూటాలు అయిపోతాయి. నేను ఒక పాత ఖాళీ ఇత్తడి తొడుగు తీసుకుని, మందు లేకుండా, వెనక సుత్తి తగిలే చోట రబ్బరు ముక్క పెట్టి డమ్మీ తూటా చేసిచ్చాను. దాంతో ఎన్నిసార్లయినా గుర్రం, అంటే ట్రిగ్గర్, నొక్కవచ్చు. తుపాకీ చెడిపోదు, ఒక్క పైస ఖర్చు కాదు. గొట్టం కొన మీద పది పైసల బిళ్ళ నిలబెట్టి చూపించాను. "గుర్రం నొక్కినంక గిది కింద పడొద్దు. పడ్డదంటే నీ చెయ్యి అదిరినట్టు. పడకుంట ఎప్పుడు నొక్కుతవో అప్పుడు కబురు పెట్టు, నేనొస్త."

కొన్నాళ్ళకే కబురు వచ్చింది. హన్మకొండలో బస్సు మారి ఘనపూర్ చేరాను. రాజమ్మ ఇంటి వాకిట్లో నిలబడి బిళ్ళ పెట్టి గుర్రం నొక్కింది. బిళ్ళ కదలలేదు. మళ్ళీ నొక్కింది. కదలలేదు. "రొట్టెలు కాల్చుకుంట సుత దీని మీదనే పానం పెట్టింది" అన్నాడు చంద్రారెడ్డి. గొంతులో మురిపెం దాచుకోలేకపోయాడు.

ఊరవతల గుట్ట అడుగున, వెనక మట్టి కట్ట ఉన్న చోట రైఫిల్‌ను జీరో చేశాం. గురి పెట్టిన చోటే తూటా పడేటట్టు సైట్లు సరిచేసుకోవడాన్ని జీరో అంటారు. మూడు తూటాలతో ఆ పని నేను ముగించాను. తర్వాత ఆమె చేతికి ఇచ్చాను. ఆమె రెండు పేల్చింది. రెండూ నేను గీసిన బొగ్గు సున్నాలోనే పడ్డాయి. మూడోది పేల్చమన్నాను.

"వద్దన్నా. వస్తున్నదని తెలిసినంక ఇంకెందుకు పారేసుడు?" అని తూటా తిరిగి నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం నేను కూడా రాజమ్మతో మంచె ఎక్కాను. తిరుపతిరెడ్డి కింద చెట్టు పక్కన ఉన్నాడు. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. మక్కకర్రలు కదిలాయి. ఆకులు చీల్చుకుంటూ అది బయటికి వచ్చింది. నేను చాలా పందులను చూశాను కానీ అంత దాన్ని చూడలేదు. దున్నపోతుకున్నట్టు లావు మెడ, వెన్ను మీద నిక్కిన వెంట్రుకలు, ఒకటే కోర. ఒర్రె గట్టుకు కొంచెం ఇవతల పక్కకు తిరిగి, ప్రక్క మొత్తం మాకు చూపిస్తూ నిలబడింది. ఇంతకంటే మంచి అదను రాదు. రాజమ్మ చెంప చెక్కకు ఆనింది. వేలు గుర్రం మీదికి పోయింది.

ఆమె వేలు తీసేసింది. గొట్టం పైకెత్తింది.

"ఏమైంది చెల్లె?" అన్నాను మెల్లగా.

"గట్టవతల చూడు" అన్నది.

నేను చూశాను. పందికి సూటిగా వెనక, ఒర్రె అవతల, పచ్చ గడ్డిలో ఎర్రగా ఏదో కదులుతున్నది. ఒక ఆడమనిషి వంగి గడ్డి కోస్తున్నది. అప్పటిదాకా నాకు పంది తప్ప ఏమీ కనిపించలేదు. పంది తలెత్తి గాలి పీల్చి, తీరిగ్గా మక్కలోకి దిగిపోయింది.

తిరుపతిరెడ్డి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "చేతికొచ్చినదాన్ని ఇడిసిపెడ్తవా వదినా! మళ్ళ దొరుకుతదా అది? మల్లయ్య పానం తీసింది గదా!"

"తూటా పంది లోపల్నే ఆగుతదని నువ్వు మాట ఇస్తవా తిరుపతీ?" అన్నది రాజమ్మ. గొంతు పెంచలేదు. "ఇప్పటికే ఒక పానం పోయింది. నా చేతుల మీద ఇంకోటి పోవద్దు."

మేం ఇంటికి తిరిగి వస్తుంటే ఆ గడ్డి కోసే ఆమె మోపు నెత్తిన పెట్టుకుని ఎదురుపడింది. ఊరి చివర ఉండే బుచ్చమ్మ. "ఏంది రాజక్కా, బందూకు పట్టుకొని ఎటు పోయొస్తున్నరు? పందేమన్న అగుపడ్డదా?" అని అడిగింది.

"వచ్చింది, పోయింది. నువ్వు రేపటికెల్లి ఆ దిక్కు రాకు" అన్నది రాజమ్మ. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు నేను జనగామ వచ్చేశాను. బస్సులో కూర్చున్నంతసేపూ నా మనసు గాలిలో తేలింది. పంది చావలేదు, పని కాలేదు. అయినా ఇంత గర్వం ఎందుకో నాకే వింతగా అనిపించింది.

వారం దాటిందో లేదో, చంద్రారెడ్డి, రాజమ్మ రైఫిల్ శుభ్రం చేయించుకోవడానికి దుకాణానికి వచ్చారు. చంద్రారెడ్డి కర్ర గోడకు ఆనించి కూర్చోకముందే మొదలుపెట్టాడు. తెల్లారగట్ల మంచులో పంది మళ్ళీ అదే చోటికి వచ్చిందట. ఈసారి వెనక మట్టి గట్టు తప్ప ఏమీ లేదు. రాజమ్మ పేల్చిన తూటా దాని భుజం వెనక తగిలింది. పది అడుగులు పరుగెత్తి కూలిపోయింది. "ఒకటే తూటా అన్నా! ఒకటే!" అని అరచేత్తో బల్ల మీద కొట్టాడు. ఊరంతా కదిలి వచ్చిందట. అటవీ శాఖ వాళ్ళు వచ్చి చూసి రాసుకుని పోయారట. మల్లయ్య భార్య వచ్చి పందిని చూడలేదట, రాజమ్మ రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడిపోయిందట.

రాజమ్మ ఆయన మాటకు అడ్డం వచ్చింది. "ఒకటే అని గొప్పలు చెప్తున్నడు గని, రెండోది గొట్టంల ఎక్కించుకునే మంచె దిగిన అన్నా. అది పూర్తిగ సల్లబడేదాక ఎవ్వల్ని దగ్గరికి రానియ్యలె. నువ్వు చెప్పినట్టే."

ఆ ఏడు ఘనపూర్‌లో మక్కలు ఇళ్ళకు చేరాయి. తర్వాత ఏళ్ళలో భూపాలపల్లి దిక్కు నుంచి, నర్సింహులపేట నుంచి రైతులు నా దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. "రాజమ్మకు ఇచ్చిన అసొంటిది" కావాలని అడిగేవాళ్ళు. అదే రైఫిల్ అందరికీ ఇవ్వలేదు. చేను ఎంత, దూరం ఎంత, చెయ్యి ఎంత పొడుగు, తూటా ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అడిగాకే గొలుసు తాళం తీసేవాణ్ణి. డమ్మీ తూటాతో నేర్చుకోని వాళ్ళకు అసలు తూటా ఇవ్వనని మొండికేసేవాణ్ణి. దుకాణదారుడివా, పంతులువా అని వెక్కిరించిన వాళ్ళున్నారు. ఒకరిద్దరు కోపంతో వరంగల్ పోయి కొనుక్కున్నారు.

తూటాల కొరత మాకు తుపాకీ ఎంచడం నేర్పింది. తుపాకీ దించడం మాత్రం నాకు రాజమ్మ నేర్పింది. గుర్రం ఎలా నొక్కాలో ఎవరికైనా నేర్పవచ్చు. అదను ముందు నిలబడి ఉన్నా, వెనక ఎవరున్నారో చూసి వేలు తీసేసుకోవడం నేర్పడం కష్టం. ఆ తర్వాత నా దగ్గర కొన్న ప్రతి ఒక్కరికీ ముందు అది చెప్పాను, ఆ తర్వాతే మిగతావి. ఎనభైల్లో నేను దుకాణం మూసేశాను. అప్పటిదాకా, నేను అమ్మిన తుపాకీతో ఒక మనిషికి గాయమైందన్న మాట నా చెవిన పడలేదు. ఇన్నేళ్ళ నా పనిలో తల ఎత్తుకుని చెప్పుకునేది అదొక్కటే, అది నాకు చాలు.