నిజంగానా బాబాయీ, నల్ల బొమ్మల పుస్తకమూ

బాబాయి ఎవరు చెప్పిందీ నమ్మడు. ఆయన గురించి మొదట చెప్పాల్సింది ఇదే. ఇది చెప్పాక మిగతావి చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఎదుటివాళ్ళు ఏ మాట అన్నా సరే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మెడ ఓ పక్కకు వంచి, "నిజంగానా?" అంటాడు. గుమ్మంలో నిలబడి "పాలండీ" అని కేకేసిన పాలవాణ్ణి కూడా "నిజంగానా?" అని అడిగిన ఘనుడాయన. ఆయన అసలు పేరు వీధి వీధంతా ఏనాడో మర్చిపోయింది. నిజంగానా గారి పుస్తకాల షాపు ఎక్కడంటే మాత్రం ఎవరైనా చూపిస్తారు.

ఒకసారి డాక్టరు ఆయన బీపీ చూసి అంతా బాగుందన్నాడు. "నిజంగానా? మీ మిషను బాగుందని ఏంటి నమ్మకం? ముందు మీరు చూసుకోండి" అన్నాడు బాబాయి. డాక్టరు నవ్వుతూ పట్టీ తన చేతికే చుట్టుకున్నాడు. తన బీపీ చూసుకుని కంగారుపడి, బయట కూర్చున్న రోగులందరినీ రేపు రమ్మని చెప్పి ఇంటికెళ్ళి పడుకున్నాడు. బాబాయి దాన్నీ నమ్మలేదు. "పెందలాడే ఇంటికి పోవడానికి ఎత్తు వేశాడు" అన్నాడు పిన్నితో.

పిన్ని దగ్గర ఇంకో కథ ఉంది. "నన్ను చేసుకుంటావా అని అడిగితే సరేనన్నాను. నిజంగానా, నీతో ఎవరైనా చెప్పించారా అన్నాడు. మళ్ళీ సరేనన్నాను. ఇంకోసారి ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకుని ఉంటే ఎంత బాగుండేది!" అంటుంది. అంటూనే ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తుంది.

ఇలాంటి మనిషి వెళ్ళి వెళ్ళి పుస్తకాలు అద్దెకిచ్చే షాపు పెట్టుకున్నాడు. పెట్టి ఊరుకోకుండా ఓ నియమం కూడా పెట్టాడు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అదెలా ఉందో కౌంటరు ముందు నిలబడి పైకి చెప్పాలి. చెబితేనే ఇంకో పుస్తకం. చదవకుండా చదివామని కోతలు కోసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. అందుకని ఇచ్చే ముందే మధ్య పేజీల్లో సన్నటి దారప్పోగు ఒకటి దాచి ఇస్తాడు. తిరిగొచ్చాక ఆ పోగు అక్కడే పడుకుని ఉందంటే ఆ పాఠకుడి పని అయిపోయినట్టే.

ఆయన అన్న కూతురు మధ్యాహ్నాల పూట ఆ షాపులోనే, వెనక అలమర చాటున కూర్చుని, చిరిగిన పుస్తకాలకు జిగురు రాసి అట్టలు అతికిస్తూ ఉంటుంది. నెమ్మదైన పిల్ల. ఆ పిల్లకో రహస్యం ఉంది. పొద్దున పూట ఇంట్లో తన గది తలుపేసుకుని ఓ బొమ్మల నవల గీసి, ఓ పబ్లిషరు చేత అచ్చు వేయించింది. పేరు 'చీకటి కాపలా'. దీపాలన్నీ ఆరిపోయిన ఓ మహానగరం, దాని మిద్దెల మీద ముసుగేసుకుని తిరిగే ఓ వీరుడు. వీరుడే గానీ ఎగరడం రాదు. దొంగల్ని చితక్కొట్టి, ఆ తర్వాత ఓ మూల చతికిలబడి తన మోచేతికి తనే కట్టు కట్టుకుంటాడు. ఏ పేజీ తిప్పినా నలుపే. అందులోంచి మనుషులు సగం సగం కనబడుతుంటారు. గీసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఓ చిన్న ముసుగు బొమ్మ వేయించి ఊరుకుంది.

పేరెందుకు దాచిందంటే, ఇంట్లోవాళ్ళ మెచ్చుకోలు ఆమెకు పనికిరాదు. ఆ పిల్ల గోడకు మేకు కొట్టినా పిన్నికి కళాఖండమే. ఉత్తుత్తి పొగడ్త ఒక్కటి కూడా దాటి రాలేని చోటు ఈ లోకంలో బాబాయి కౌంటరు ఒక్కటే అనుకుంది. రెండో భాగం గీస్తావో లేదో ఈ నెల ఆఖరి శనివారంలోగా చెప్పమని పబ్లిషరు ఫోను చేశాడు. అక్క మొగుడేమో సబ్బుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసిపెట్టాడు. సబ్బు అట్టల మీద గులాబీలు గీయాలి, ఇవాళా గులాబీలే, రేపూ గులాబీలే. బాబాయి షాపులో ఒక్కరికైనా మనస్ఫూర్తిగా నచ్చితే ముసుగు, లేదంటే గులాబీలు అని ఆమె తనలో తాను తీర్మానించుకుంది.

"బాబాయ్, పబ్లిషరు మనిషెవరో ఈ పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. ఊరికే ఇచ్చాడు."

"ఊరికేనా? నిజంగానా?" బాబాయి దాన్ని తిరగేశాడు, బోర్లేశాడు, వాసన చూశాడు. "ఇందులో ఏదో ఉంది" అన్నాడు.

మొదట మందుల షాపాయన తీసుకెళ్ళాడు. మర్నాడే పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అద్భుతమండీ!"

అలమర చాటున జిగురు బ్రష్షు ఆగిపోయింది.

"నిజంగానా? ఏమిటద్భుతం?"

"బొమ్మలండీ."

"ఏ బొమ్మ?"

"అన్నీనండీ."

"అన్నీ ఎవరికీ నచ్చవు. ముసుగువాడు మొదట దూకిన మిద్దె మీద ఏముంది?"

"నీళ్ళ ట్యాంకు."

"దాని మూత తెరిచి ఉందా, వేసి ఉందా?"

"అది చూళ్ళేదండీ."

"మూత చూడకుండా అద్భుతమని ఎలా అన్నారు? ఎవరైనా అనమన్నారా? పబ్లిషరు మీకేమవుతాడు?"

మందుల షాపాయన చెమట తుడుచుకున్నాడు. షాపు తెరిచి వచ్చేశానన్నాడు. ఎవరో మందుల కోసం చూస్తుంటారన్నాడు. బాబాయి కదల్లేదు. చివరికి ఆ పెద్దమనిషి రెండు చేతులూ పైకెత్తేశాడు.

"అంత బాగా ఏం లేదులెండి! మామూలుగా ఉంది. అసలు బాగాలేదు. నన్నొదిలేయండి బాబూ!"

"ఊఁ" అని బాబాయి వెంటనే ఇంకో పుస్తకం చేతిలో పెట్టి పంపేశాడు.

గుమ్మం పక్క బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఈ తతంగమంతా కళ్ళారా చూశారు. బాగుందంటే బోనులో నిలబడాలి, బాగాలేదంటే చక్కా ఇంటికి పోవచ్చు అన్న సంగతి వాళ్ళకు బోధపడింది. అలమర చాటున ఉన్న పిల్లకు మాత్రం బోధపడలేదు. కన్నబిడ్డను నలుగురూ తిడుతుంటే వినేవాళ్ళకు తర్కం ఎక్కడ తడుతుంది, పాపం!

తర్వాత టైలర్ వచ్చాడు. "మరీ చీకటండీ. సూదిలో దారం ఎక్కించుకోవడానికి కూడా వెలుతురు లేదు ఆ ఊళ్ళో. నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేశాను."

"నిజంగానా?"

"నిజంగానేనండీ. ఇంకో పుస్తకం ఇవ్వండి, పనుంది."

ఆ వెనకే బడి హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆవిడ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కౌంటరు మీద పెట్టింది. "ముఖం దాచుకుని మనుషుల్ని తన్నేవాడు హీరోనా? ఇలాంటివి చదివితే రేపు పిల్లలందరూ ముసుగులేసుకుని క్లాసుకు వస్తారు. నేనైతే అట్ట చూసి మూసేశాను."

"నిజంగానా మేడమ్?"

"నేను అబద్ధం చెబుతానా?" అంది ఆవిడ. ఆ ప్రశ్న వేసినవాళ్ళను బాబాయి ఇంకాస్త అనుమానిస్తాడు గానీ, ఆవిడకు ఇంకో పుస్తకం తీసిచ్చాడు.

వింత ఏమిటంటే, ఇన్ని తిట్లు తిన్న పుస్తకాన్నే ఆయన వచ్చినవాళ్ళందరికీ అంటగట్టసాగాడు. "వంటల పుస్తకం కావాలండీ" అంటే "ముందు ఇది చదివి రండి" అనేవాడు. "కళ్ళు సరిగా కనబడవండీ" అంటే "ఇందులో అక్షరాలు తక్కువ" అనేవాడు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చి, బాగాలేదని ఓ మాట పడేసి పోయేవాళ్ళు. అలమర వెనక కూర్చున్న పిల్లకు బాబాయి మీదే అనుమానం మొదలైంది. నా పుస్తకాన్ని పనిగట్టుకుని తిట్టించడానికే ఊరంతా తిప్పుతున్నాడా అని లోలోపల ఉడికిపోయింది.

ఒకరోజు పుస్తకం కౌంటరు మీద ఖాళీగా ఉంటే, దుమ్మూ మరకలూ పోయేలా తుడుద్దామని మెత్తటి గుడ్డ తీసుకుని దగ్గరికెళ్ళింది.

"ముట్టుకోకు!" అని అరిచాడు బాబాయి.

"తుడుస్తున్నాను బాబాయ్."

"నిజంగానా? ఎవరు తుడవమన్నారు?" గుడ్డ లాక్కున్నాడు, పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు, తాళాన్ని గుంజి చూశాడు, గుంజిన చేతిని నమ్మక రెండో చేత్తో గుంజాడు. తనను సొంత కూతురిలా చూసుకునే మనిషి తన చేతుల్ని కూడా అనుమానించాడని ఆ పిల్లకు మనసు చివుక్కుమంది.

ఆ ఆఖరి శనివారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ, ఆమె జిగురు డబ్బా మూత బిగించి కౌంటరు దగ్గరికొచ్చింది.

"బాబాయ్, సోమవారం నుంచి నేను రాను. సబ్బుల ఫ్యాక్టరీలో చేరుతున్నాను."

"నిజంగానా?"

"నిజంగానే."

"రోజూ గులాబీలు గీయాలని ఉందా నీకు?"

"ఉంది."

"నిజంగానా?"

అంతే, ఏడుపు తన్నుకొచ్చేసింది. "లేదు! ఆ నల్ల పుస్తకం నేనే గీశాను బాబాయ్. ఒక్కరికంటే ఒక్కరికీ నచ్చలేదు. నువ్వే విన్నావుగా!"

"విన్నాను. నమ్మానని ఎవరు చెప్పారు నీకు?"

బాబాయి షాపు తలుపు గడియపెట్టి, సొరుగు తాళం తీసి, పుస్తకాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో కిటికీ దగ్గరికి తెచ్చాడు. "నువ్వు గీశావని నాకు మొదటి రోజే తెలుసు. పబ్లిషర్లు ఊరికే ఏదీ ఇవ్వరు. పైగా ఎవరు ఈ పుస్తకం ఊసెత్తినా నీ బ్రష్షు చప్పుడు ఆగిపోతుంది. ఇలా రా తల్లీ. ఏటవాలుగా చూడు."

ఎండ వాలుగా పడేసరికి నల్ల పేజీల నిండా వేలిముద్రలు తేలాయి. మామూలు పుస్తకంలో అయితే కనబడేవి కావు. ఈ నలుపు మీద ఏ వేలు పెట్టినా అచ్చు దిగిపోయింది.

"ఈ నీలం వేలు ఎవరిది?" అన్నాడు బాబాయి.

ఆమె కళ్ళు తుడుచుకుని వంగి చూసింది. "గుడ్డ మీద గీతలు గీసే సుద్దలా ఉంది. టైలర్‌దా?"

"నాలుగు పేజీలు తిప్పి పడేశానన్నాడుగా. చివరి పేజీ తియ్."

చివరి పేజీ అంచున నీలం వేలు స్పష్టంగా ఉంది. దాని పక్కనే తెల్ల సుద్ద వేలు. అట్ట చూసి మూసేసిన హెడ్‌మిస్ట్రెస్ గారి తెల్ల వేలు ఒక్క పేజీనీ వదల్లేదు. తన్నులాట జోరుగా సాగే పేజీ మీదైతే ఆవిడ అరచెయ్యే అచ్చుపడింది. మందుల షాపాయనది గులాబీ రంగు దగ్గుమందు వేలు. అది పుస్తకంలో ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిరిగిందో ఆనవాలు పట్టడమే కష్టం.

బాబాయి మరో పేజీ తీశాడు. ముసుగువాడు ఆస్పత్రిలో వాళ్ళమ్మ మంచం పక్కన కూర్చున్న బొమ్మ అది. ముఖం మీది దెబ్బలు అమ్మకు కనబడకూడదని ముసుగు తీయడు. అమ్మేమో కళ్ళు మూసుకునే, "తినేటప్పుడైనా తియ్యరా" అంటుంది. ఆ పేజీ మూల అందరూ పట్టుకుని పట్టుకుని మెత్తబడిపోయింది. మధ్యలో చిన్న గుండ్రటి చోట కాగితం ఉబ్బింది.

"నీళ్ళు పడ్డట్టున్నాయి" అంది ఆమె.

"గ్లాసు ఒలికితే ఇంత చిన్న చుక్క పడుతుందా? పక్కన నీలం వేలు చూడు."

"టైలర్ ఏడ్చాడా? నిజంగానా బాబాయ్?"

ఆ మాట ఆమె నోట వినగానే ఆయన ముఖం విప్పారింది. "ఇప్పుడు దారిలో పడ్డావ్" అన్నాడు.

"మరి అందరూ అలా ఎందుకు చెప్పారు?"

"బాగుందంటే నేను వదలనుగా, అందుకని. అదీకాక, ముసుగేసుకున్నవాడి బొమ్మలు చూసి కళ్ళు తుడుచుకున్నానని ఏ పెద్దమనిషి పైకి ఒప్పుకుంటాడమ్మా?"

"నాకు ముందే చెప్పొచ్చుగా! ఇన్నాళ్ళూ ఎంత ఏడిపించావ్!"

"చెబితే నమ్మేదానివా? బాబాయి కాబట్టి అంటున్నాడనుకునేదానివి. నీలోనూ మా రక్తమేగా ఉంది. అందుకని సాక్ష్యం పోగు చేశాను. నువ్వేమో గుడ్డ తీసుకుని తుడిచిపారేయబోయావ్."

ఆయన మనుషుల్ని చెడ్డవాళ్ళని అనుమానిస్తాడని వీధంతా అనుకుంటుంది. ఆ పిల్లా అలాగే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన అసలు అనుమానం వేరు. పైకి చెప్పేదానికన్నా మనుషులు లోపల ఇంకాస్త మంచివాళ్ళేమోనని ఆయన గట్టి అనుమానం. ఆ సంగతి తెలిసొచ్చాక ఆమెకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది, కావలించుకుంది. "ఎందుకు, ఏమైంది ఇప్పుడు?" అని ఆయన దాన్నీ అనుమానించాడు.

ఇంతలో ఆమె పేజీ ముక్కుకు దగ్గరగా పెట్టుకుంది. "తలనొప్పి బామ్ వాసనొస్తోంది. ప్రతి పేజీలోనూ."

"ఎవరో తలనొప్పి మనిషి చదివుంటాడు" అన్నాడు బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ. నుదుటి మీద బామ్ నిగనిగలాడుతోంది.

ఆమె నవ్వుకుంటూ పబ్లిషరుకు ఫోను చేసింది. "రెండో భాగం..." అని మొదలుపెట్టిందో లేదో, అవతలి గొంతు ఉత్సాహంగా అందుకుంది. మొదటి భాగం చాలా బాగుందట, తనకెంతో నచ్చిందట, రెండోది తప్పకుండా వేస్తాడట. బాబాయి ఫోను లాక్కున్నాడు.

"నిజంగానా? ఏ బొమ్మ నచ్చింది? ఎందుకు నచ్చింది? ఎవరైనా చెప్పమన్నారా మీతో?"

అవతలి గొంతు సన్నబడింది. "అంటే... మరీ చాలా అని కాదండీ... ఓ మోస్తరుగా..."

ఇంకో ప్రశ్న పడితే పబ్లిషరు పుస్తకమే వద్దనేస్తాడని ఆమెకు అర్థమైపోయింది. ఒక్క గెంతున ఫోను లాక్కుని, "గీస్తున్నానండీ!" అని అరిచి పెట్టేసింది.

"ఎందుకు పెట్టేశావ్? ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి" అన్నాడు బాబాయి. "సరేగానీ, నిజంగానే గీస్తావా? నా నోరు మూయించడానికి అన్నావా?"

ఆమె కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. బాబాయి ఆ పెన్సిలు వంక కాసేపు అనుమానంగా చూసి, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు తెచ్చి పక్కన పెట్టాడు.